డిక్కీ మీది రెక్కగారికి

పర్లాకిమిడి,
ఆదివారం సాయంత్రం.

రెక్కగారికి నమస్కారాలు.

స్పాయిలర్ అని పిలిస్తే మీ దర్జాకి బాగుంటుందని తెలుసు. కానీ గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ, తిట్టేదైనా వాడుక భాషలో తిట్టకపోతే ఎలా?

మీరు మా ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. పన్నెండు ఎంఎం ప్లైవుడ్, దాని మీద రెండు పొరల ఫైబర్, ఆ పైన నల్ల పెయింటు. మీ అంచుకి చిత్రిక పడుతూ వడ్రంగి "ఇదేటి బాబూ, పూజ పీటా?" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. అప్పుడే ఔనని ఉంటే పోయేది. కనీసం దేవుడైనా కూర్చునేవాడు.

నా కారు కాంటెస్సా క్లాసిక్. స్పోర్ట్స్ కారు కాదని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒప్పుకోను. ఇంగ్లండులో వాక్స్‌హాల్ విక్టర్‌గా పుట్టి, 1984లో హిందుస్థాన్ మోటార్స్ చేతిలో మనదైంది. మొదట్లో అంబాసిడర్ ఇంజిన్‌తో మూలుగుతూ నడిచినా, 1.8 లీటర్ల ఇసుజు ఇంజిన్ పడ్డాక దాని నడకే వేరు. అలాంటి బండికి ఒక్క రెక్క తగిలిస్తే గాలి దానంతటదే దారికొస్తుందనుకున్నాను.

గాలికి ఎత్తిపడేసే గుణం ఉందని నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పెరటి షెడ్డు రేకులు పక్కకి పోలేదు, పైకి లేచాయి. రేకు మీదుగా గాలి పరుగెత్తేసరికి పైన ఒత్తిడి తగ్గింది, లోపలి గాలి కింద నుంచి తన్నింది. వేగంగా పోయే కారు పైకప్పు మీద జరిగేదీ అదే. ఆ లేచే గుణాన్ని తగ్గించడానికే 1972లో పోర్షే వాళ్లు 911 కారెరా ఆర్‌ఎస్ 2.7కి వెనక బాతు తోకలాంటి రెక్క పెట్టారు. ఆ ఫొటో చూసే మిమ్మల్ని చేయించాను. తోకనే చూశాను, దాని ముందున్న వీపు చూడలేదు. పోర్షే వీపు ఏటవాలు. గాలి దాన్ని అంటిపెట్టుకుని తోక దాకా జారుతుంది. మా కాంటెస్సాకి వెనకద్దం నిటారు, దాని కింద బల్లలాంటి డిక్కీ.

నిజం ఊలు దారం చెప్పింది. మనవడి టోపీకని మా ఆవిడ తెచ్చుకున్న ఎర్ర ఊలుని నాలుగేసి అంగుళాల ముక్కలుగా కత్తిరించి, కారు నిండా టేపుతో అంటించాను. మహేంద్రతనయ ఏరు దాటి, పాతపట్నం మీదుగా టెక్కలి పోయి, హైవే ఎక్కాం. నేను కాంటెస్సాలో, పక్క లైనులో బావమరిది కారు. వాడి కొడుకు కిటికీలోంచి వీడియో తీశాడు. బానెట్ మీద దారాలు కొబ్బరినూనె రాసి దువ్విన జుట్టులా వెనక్కి పడుకున్నాయి. పైకప్పు మీదా అంతే. వెనకద్దం దగ్గరకొచ్చేసరికి ఒక్కటీ మాట వినలేదు. కొన్ని గిరగిరా తిరిగాయి, కొన్ని నిలబడ్డాయి, రెండు మూడైతే ఏకంగా కారు ముందువైపు చూశాయి. అంటే గాలి పైకప్పు చివరనే మమ్మల్ని వదిలేసి తన దారిన పోతోంది. దాని వెనక సుడులు తిరిగే మడుగులో మీరు నల్ల కోటేసుకుని కూర్చున్నారు.

ఒక్క సాక్ష్యం చాలదని మేస్త్రి దగ్గర లెవెల్ చూసే నీళ్ల గొట్టం అడిగి తెచ్చాను. గాలి ఎంత నొక్కితే అందులో నీళ్లు అంత జరుగుతాయి. ఒక కొస గ్రిల్ ముందు, రెండోది కారులోపల. ఎనభైలో నీటి మట్టాల మధ్య తేడా మూడు సెంటీమీటర్ల దాకా వచ్చింది. అదే కొసని మీ ముందు పెడితే రెండు మూడు మిల్లీమీటర్లు కదిలింది. అదైనా గాలికి కదిలిందో, రోడ్డు మీది అతుకులకి కదిలిందో!

పోనీ, గాలి మిమ్మల్ని కరుణించి నిండుగానే తగిలిందనుకుందాం. మా ఊళ్లో మేకలు, ఆటోలు, స్పీడ్ బ్రేకర్ల మధ్య నలభై దాటడమే గొప్ప. మీ పొడవూ వెడల్పూ పెట్టి లెక్క కడితే, నలభైలో మీరు డిక్కీని నొక్కే బలం కిలోంబావు. మిమ్మల్ని కిరాణా కొట్టు కాటా మీద పెడితే నాలుగు కిలోలు తూగారు. అంటే గాలి కంటే మీ ఒళ్లే ఎక్కువ నొక్కుతోంది. వేగం మూడింతలైతే గాలి బలం తొమ్మిదింతలవుతుంది, నిజమే. కానీ నూట ఇరవైకి పోతే ముందు నా గుండె, తర్వాత స్టీరింగు వణుకుతాయి.

ఈలోగా, ఎవరికీ కనబడని పనులు పని చేశాయని చెప్పడానికి మీ ముందు కాస్త మొహమాటంగానే ఉంది. రేడియేటర్ చుట్టూ ఉన్న సందుల్లో పాత సోఫా స్పాంజి కుక్కాను, గాలి పక్కల నుంచి తప్పించుకోకుండా. ఖర్చు సున్నా. టెక్కలి ఎండలో వేడి ముల్లు ఇదివరకటి కంటే కిందనే ఆగింది. ముందు బంపర్ కింద రబ్బరు పట్టీ కూడా కట్టాను. రైలు పట్టాలు దాటేటప్పుడు అది సగం ఊడింది. మిగతా సగం ఇంకా ఉద్యోగంలోనే ఉంది. ఆ రెండింటినీ చూసి ఒక్కరైనా సెల్ఫీ దిగారా? మీతో పదకొండు మంది దిగారు.

పోలీసులకీ మీరే కావాలి. ఏటికి ఇటు ఒడియాలో "ఏఇటా కొణొ?", అటు తెలుగులో "ఇదేటి?". 1936లో మమ్మల్ని ఒడిశాలో కలిపి గీత గీశారు గానీ ఈ ప్రశ్నకి ఆ గీత అడ్డురాలేదు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఒకటుందని, కంపెనీ ఇచ్చిన బండిని మన ఇష్టానికి మార్చకూడదని రెండు భాషల్లోనూ విన్నాను. ప్లైవుడ్ అండీ, అంటే ఇద్దరూ ఒకేలా చూశారు.

అందుకే ఇవాళ స్పానర్ పట్టుకుని వచ్చాను. పది నంబరు బోల్టులు నాలుగు. రెండు విప్పాక గుర్తొచ్చింది, మీరు దిగితే డిక్కీకి నాలుగు చిల్లులు మిగులుతాయి, వానాకాలం ముందరుంది. మళ్లీ బిగించేశాను.

చేతులు కడుక్కుని వచ్చేసరికి మా ఆవిడ మీ మీద తడి తువ్వాలు ఆరేసి, రెండు క్లిప్పులు పెట్టింది. కారు ఆగే ఉంది. మహేంద్రగిరి వైపు నుంచి చిన్న గాలి వచ్చి తువ్వాలు అంచు కదిలింది. ఎనిమిది నెలల్లో గాలి మీ దాకా రావడం ఇదే మొదటిసారి చూశాను.

ఇట్లు,
మీ బోల్టులు బిగించినవాడు