సముద్రం పక్కనే ఉంది, పరిగెత్తడానికి దారేది?

తీరనగరంలో పరుగు మొదలుపెడతానని ఎవరితోనైనా అంటే వెంటనే వచ్చే సలహా ఒకటే: ‘బీచ్‌కి వెళ్లండి’. ఇచ్చేవాళ్లలో చాలామంది అక్కడ సాయంత్రం పూట కూర్చుని గాలి పీల్చుకున్నవాళ్లే. పరిగెత్తేవాడికి కావాల్సినవి వేరు. మధ్యలో ఆగక్కర్లేని దారి, జారని నేల, కాస్త నీడ, దారిలో మంచినీళ్లు, తెరిచి ఉన్న టాయిలెట్. చాలా తీరనగరాల్లో ఒడ్డు మీద పెట్టే ఖర్చు చూడ్డానికి వచ్చేవాళ్ల కోసమే పెడతారు. పరిగెత్తేవాళ్లు మిగిలిన జాగాలో సర్దుకోవాలి.

ముందు ఇసుక సంగతి. ఇసుకలో పరిగెడితే గట్టి నేల మీదకంటే దాదాపు 1.6 రెట్లు ఎక్కువ శక్తి ఖర్చవుతుందని బెల్జియం పరిశోధకులు 1998లోనే కొలిచి చూపించారు. గట్టి నేల మీద మన స్నాయువులు (కండరాల్ని ఎముకలకి కలిపే నారలు) ప్రతి అడుక్కీ స్ప్రింగులా కొంత శక్తిని వెనక్కిస్తాయి. ఇసుకలో అందులో చాలా భాగం పోతుంది. వ్యాయామం ఎక్కువవుతోంది కాబట్టి మంచిదేగా అంటారు కొందరు. పిక్కలు, చీలమండలు అలవాటు పడినవాళ్లకి, అదీ కొద్ది దూరానికి మంచిదే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు పొడి ఇసుకలో ఐదు కిలోమీటర్లు పెట్టుకుంటే మర్నాడు మెట్లు దిగడమే కష్టమవుతుంది.

అందుకే అలల అంచున గట్టిపడిన తడి ఇసుకని వెతుక్కుంటారు. నిజంగానే అది బాగుంటుంది, కానీ అది ఎప్పుడు దొరుకుతుందో మన అలారం నిర్ణయించదు. చాలా తీరాల్లో రోజుకి రెండుసార్లు పోటు వస్తుంది. ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది కాబట్టి ఆ సమయం రోజూ ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అంటే ఈ ఆదివారం పొద్దున ఆరింటికి సముద్రం బాగా వెనక్కి తగ్గి, విశాలంగా తడి ఇసుక కనిపిస్తే, వచ్చే ఆదివారం అదే ఆరింటికి నీళ్లు పైదాకా వచ్చేసి ఉంటాయి. ఆఫీసుకి టైముకి చేరాల్సినవాళ్లకి ఈ దారి ఒక వారం ఉంటుంది, ఒక వారం ఉండదు. పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఆటుపోట్ల తేడా ఇంకా పెరుగుతుంది. ఇసుక మీద పరిగెత్తాలనుకునేవాళ్లు వాతావరణం కంటే ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోవడం మేలు.

ఇంకో చిక్కు ఉంది. ఒడ్డు ఎప్పుడూ సముద్రం వైపుకి వాలి ఉంటుంది. దాని వెంట పరిగెడితే నీళ్ల వైపు కాలు కిందకీ రెండో కాలు పైకీ పడుతూ, ఒక పక్క తుంటికీ మోకాలికీ భారం ఎక్కువవుతుంది. వెళ్లిన దారినే తిరిగి వస్తే భారం రెండు వైపులకీ సర్దుకుంటుంది. వెళ్లేటప్పుడు ఒడ్డు మీద, వచ్చేటప్పుడు ఆటోలో అనే ప్లాన్ మాత్రం వద్దు.

పైగా ఆ ఇసుక శాశ్వతం కూడా కాదు. ఓడరేవు కోసం సముద్రంలోకి రాళ్ల గోడలు కడితే తీరం వెంట కదిలే ఇసుక ఒక పక్క పేరుకుపోతుంది, రెండో పక్క కోత పడుతుంది. చెన్నై హార్బర్ కట్టాక దక్షిణాన మెరీనా బీచ్ వెడల్పయింది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోయింది. ఒకే నగరంలో ఒక వైపువాళ్లకి పరిగెత్తే చోటు పెరిగి, ఇంకో వైపువాళ్లకి ఇళ్ల దాకా అలలు వచ్చాయి. బీచ్ అందరిదీ అని సులువుగా అనేస్తాం గానీ, అది ఎవరి ముందు ఉందన్నది ఇలాంటి నిర్ణయాలతోనే తేలుతుంది.

అంతిమంగా రోజూ పరిగెత్తేవాళ్లకి దిక్కు ఒడ్డున ఉన్న రోడ్డే, దాని పక్కన నడకదారే. ఇక్కడ చాలా నగరాలు చేసే పని నాకు అర్థం కాదు. నున్నటి టైల్స్ పరుస్తారు, మంచు పడినా తుంపర పడినా అవి జారతాయి. మధ్యలో విగ్రహం, పూలకుండీలు, సెల్ఫీ పాయింటు పెడతారు. రెండొందల మీటర్లకోసారి దారి తెగిపోతుంది.

కెనడాలోని వాంకూవర్‌లో స్టాన్లీ పార్క్ చుట్టూ ఉన్న సముద్రపు గోడ చూడండి. దాన్ని మొదట ఒడ్డు కోతని ఆపడానికి కట్టారు. 1917లో పని మొదలైతే చుట్టూ దారి పూర్తయ్యేసరికి 1980 అయింది. సుమారు తొమ్మిది కిలోమీటర్ల చుట్టు, సైకిళ్లకి వేరుగా, కాళ్లతో వెళ్లేవాళ్లకి వేరుగా. కోత ఆపడానికి ఎలాగూ గోడలు కడుతున్న నగరాలు దాని మీద తెగని దారి కూడా ఎందుకు ఆలోచించవు?

అన్ని నగరాలకీ అరవై ఏళ్ల ఓపిక ఉండదు, నిజమే. అయితే కట్టడం ఏమీ లేకుండా కూడా దారి ఇవ్వొచ్చు, వాహనాలని కొన్ని గంటలు ఆపితే చాలు. రియో డి జనీరోలో కోపకబానా ఒడ్డున ఉన్న అవెనిడా అట్లాంటికాలో సముద్రం వైపు రోడ్డుని ఆదివారాలు, సెలవు రోజుల్లో జనానికి వదిలేస్తారు. పుదుచ్చేరిలో బీచ్ రోడ్డు మీద సాయంత్రం నుంచి మర్నాడు పొద్దున దాకా వాహనాలు తిరగవు. ముంబైలో మాత్రం సముద్రం మీద కట్టిన బాంద్రా-వర్లీ సీ లింక్ వంతెన మీదకి పాదచారులకి ప్రవేశం లేదు, జనవరిలో మారథాన్ రోజున పరిగెత్తేవాళ్లని పంపిస్తారు. ఏడాదికొక్క పొద్దున దొరికే సముద్రపు దారి కోసం జనం నెలల తరబడి సాధన చేస్తారు.

మారథాన్ జనవరిలో పెట్టడానికీ కారణం ఉంది. తీరంలో అసలు శత్రువు ఎండ కంటే ఉక్కపోత. తెల్లవారుజామున వేడి తక్కువే గానీ గాలిలో తేమ శాతం అప్పుడే ఎక్కువగా ఉంటుంది. చెమట పడుతుంది, ఆరదు, ఒళ్లు చల్లబడదు. చల్లటి సముద్రపు గాలి సాధారణంగా పొద్దెక్కి నేల వేడెక్కాకే మొదలవుతుంది. రాత్రంతా గాలి నేల మీద నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది, లేదా అసలు కదలదు. కాబట్టి ‘పొద్దున్నే బీచ్‌లో స్వచ్ఛమైన సముద్రపు గాలి’ అనేది సగం ఊహే, ఊరి పొగ కూడా అదే దారిన ఒడ్డుకి వస్తుంది. సాయంత్రం గాలి బాగుంటుంది, కానీ అప్పుడు జనం. గాలి ఉన్న రోజు ఎదురుగాలిలో వెళ్లి వెనుకగాలితో తిరిగి రావాలని చెబుతారు. అలసట లెక్కన సరైనదే. ఎండ రోజుల్లో మాత్రం వెనుకగాలి మన వేగంతో సమానంగా వీస్తే ఒంటికి గాలే తగలదు. అప్పటిదాకా హాయిగా ఉన్న పరుగు వెనక్కి తిరగ్గానే భారమైపోతుంది.

ఇవన్నీ చూస్తే తీరనగరంలో మంచి దారులు ఒడ్డుకి కాస్త వెనకే ఉంటాయనిపిస్తుంది. చెట్లున్న విశ్వవిద్యాలయ ప్రాంగణం, వాహనాలు రాని చెరువు గట్టు, నది సముద్రంలో కలిసే ముందు ఉండే కరకట్ట, ఊరి పక్కన కొండ మీదికి వెళ్లే రోడ్డు. కొండదారి పట్టినవాళ్లకి చదునైన బీచ్ రోడ్డు ఇవ్వని బలం కాళ్లకి వస్తుంది. సిడ్నీలో 1971 నుంచి జరుగుతున్న సిటీ టు సర్ఫ్ పరుగు 14 కిలోమీటర్లు సాగి బోండై బీచ్‌లో ముగుస్తుంది. అందులో పరిగెత్తినవాళ్లు ఎక్కువగా చెప్పుకునేది మధ్యలో వచ్చే ‘హార్ట్‌బ్రేక్ హిల్’ అనే ఎత్తు గురించే.

నగరపాలక సంస్థలని అడగాల్సింది కొత్త బీచ్ ప్రాజెక్టు కాదు. ఈ గట్లనీ కొండదారులనీ ఒడ్డు రోడ్డుతో కలపమని అడగాలి. తెల్లవారుజాము నుంచి కొన్ని గంటలు రోజూ వాహనాలు ఆపమనాలి. తొమ్మిదింటికి తాళం తీసే పబ్లిక్ టాయిలెట్‌ని ఐదింటికే తెరవమనాలి. అది లేకపోవడం వల్ల పరుగు మానేసేవాళ్లలో ఆడవాళ్లే ముందుంటారు.