బొటనవేలు పెట్టి రుద్దారా?

ఇది జరిగి నాలుగు రోజులైంది. స్ప్రేయర్ ఇంకా కడగలేదు. కోపం కూడా తగ్గలేదు, కాకపోతే అది ఎవరి మీద అన్నది పూటకోసారి మారుతోంది.

పెరట్లో ఒక గుమ్మడి పాదు ఉంది. గింజ వేశాను, మొలిచింది, పాకింది. అందులో నా గొప్పేమీ లేదు, గుమ్మడి ఎవరు వేసినా పాకుతుంది. ఆదివారం పొద్దున్న చూస్తే ఆకుల మీద తెల్ల మచ్చలు. ఒకటీ అరా కాదు, ప్రతి ఆకు మీదా. మొక్కల రోగాలు చెప్పే యాప్ తెరిచి ఫొటో తీశాను. అది మూడు సెకన్లు గిర్రున తిరిగి, "బూడిద తెగులు, 94 శాతం" అని తీర్పు చెప్పింది. ఆకుల మీద తెల్లగా పట్టే బూజన్నమాట.

ఆ 94 దగ్గరే పడిపోయాను. "బూడిద తెగులు కావచ్చు" అని ఉంటే నేనూ ఒకసారి వంగి ఆకు చూసేవాణ్ణి. 90 అన్నా, ఏదో ఉజ్జాయింపుగా చెప్పిందిలే అనుకునేవాణ్ణి. 94 అంటే ఎవరో కళ్లజోడు పెట్టుకుని కూర్చుని లెక్క కట్టినట్టే కదా!

ఇక చదువు మొదలైంది. ఆరుబయట మొక్క, ఆకు మీద తెల్ల మచ్చలు, చికిత్స అని వెతికితే ముందు దొరికింది గంజాయి పెంచేవాళ్ల కోసం రాసిన గైడు. చట్టం ఒప్పుకునే చోట పెంచుకునేవాళ్లకు లెండి. నవ్వకండి, ఆకు గురించి వాళ్లకున్న శ్రద్ధ మా డాక్టరుకు నా నాలుక మీద కూడా లేదు. కింది ఆకులు ముందుగా పండితే నత్రజని తక్కువట. కొత్త ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపైతే ఇనుము అందడం లేదట. తెల్లగా కనిపించేదల్లా బూజు కాదనీ, ఆ మొక్కకు సహజంగా వచ్చే మెరిసే నూగు కూడా దూరానికి తెల్లగానే ఉంటుందనీ, అందుకని మందు పట్టుకునే ముందు వేలితో రుద్ది, భూతద్దంతో చూసుకోమనీ మూడో పేరాలో ఉంది. నేను మొదటి పేరా నుంచి సరాసరి చికిత్స అన్న చోటికి దూకాను. మూడో పేరా సంగతి నాకు మంగళవారం రాత్రి తెలిసింది.

నా ఫోన్ మాత్రం మొత్తం చదివినట్టుంది. అప్పట్నుంచి ఊదారంగు లైట్లు, ఇంట్లో మొక్కలు పెంచే టెంట్లు కొనమని వెంటపడుతోంది. మా ఆవిడ రెండుసార్లు చూసింది. ఏమీ అనలేదు. అనకపోవడమే ఇబ్బందిగా ఉంది.

ఆదివారం పాలు కొట్టాను. ఇదేదో నాటు వైద్యం అనుకోకండి. బ్రెజిల్‌లో వాగ్నర్ బెత్తియోల్ అనే శాస్త్రవేత్త గుమ్మడికి చుట్టమైన జుకినీ మీద ఆవు పాలు కొట్టి చూసి, బూడిద తెగులు తగ్గుతోందని 1999లో ప్రచురించాడు. ఒక వంతు పాలు, తొమ్మిది వంతులు నీళ్లు. అయితే ఆయన మొక్కలకు నిజంగానే తెగులు ఉంది. సోమవారం అదే స్ప్రేయర్‌లో, కడగకుండానే, వేపనూనె పోశాను. మచ్చలు చెక్కు చెదరలేదు. మళ్లీ ఫొటో తీస్తే యాప్ 96 శాతం అంది. ఇంత మొండి రోగమా అని మంగళవారం గంధకం తెచ్చాను.

మిట్టమధ్యాహ్నం. ఒంటి మీద రెయిన్‌కోటు, చేతులకు రబ్బరు గ్లవుజులు, మూతికి మాస్కు, కళ్లకు మా అబ్బాయి ఈత కళ్లద్దాలు. అవి వాడి తలకు సరిపోయేవి కావడంతో నా కనుబొమలు నెత్తి మీదికి వెళ్లాయి. రెండు నిమిషాల్లో అద్దాల లోపల ఆవిరి పట్టేసింది. ఎదురుగా పచ్చగా ఉన్నదల్లా ఆకు అనుకుని కొడుతున్నాను.

"ఏం కొడుతున్నావు బాబూ?" గోడ అవతల పక్కింటి పిన్నిగారు.

"గంధకం పిన్నిగారూ. బూడిద తెగులు."

ఆవిడ ఊరుకుంటే నేనూ ఊరుకునేవాణ్ణి. "అయ్యో, అలాగా" అంది. రెండు రోజుల చదువు కడుపులో కదిలింది. మాస్కులోంచే మొదలుపెట్టాను. మిగతా బూజుల్లాగా దీనికి ఆకు తడిగా ఉండక్కర్లేదండీ, గాలిలో తేమ ఉంటే చాలు. బతికున్న ఆకు మీద తప్ప బతకదండీ. గంధకం మందు ఈనాటిది కాదండీ. 1845లో ఇంగ్లండులో మార్గేట్ అనే ఊళ్లో టకర్ అనే తోటమాలి ద్రాక్షతీగల మీద ఈ బాపతు బూజునే పసిగట్టి గంధకంతో అదుపు చేశాడండీ. అందుకు గౌరవంగా శాస్త్రవేత్తలు ఆయన పేరే పెట్టారండీ, బూజుకి.

అక్కడ నేనే ఒక్క క్షణం ఆగాను. తోటకు అంత సేవ చేస్తే చివరికి మనిషి పేరు బూజుకు మిగిలింది. రోగాన్ని సరిగ్గా పట్టినవాడి గతే అదైతే, నాలాంటివాడి పేరు దేనికి పెడతారో!

ఈ ఉపన్యాసం సాగుతుండగానే ఆవిడ గోడ మీదుగా చెయ్యి చాపి, గంధకం ఇంకా పడని ఆకునొకదాన్ని పట్టుకుని, మచ్చ మీద బొటనవేలు పెట్టి రుద్దింది. ఆ సంగతి తర్వాత ఆవిడే చెప్పింది. నాకు ఆవిరిలో కనిపించింది ఒక్కటే. టకర్ కథ పూర్తయ్యేసరికి ఆవిడ బొటనవేలు పైకెత్తి నాకేసి చూపిస్తోంది.

ఇంత విన్న మనిషి బొటనవేలు పైకెత్తి చూపిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? ఫోన్లో శుభోదయానికీ, పుట్టినరోజుకీ, పరామర్శకీ కూడా ఆవిడ పంపేది ఆ బొమ్మే. భేష్ అంటోంది అనుకున్నాను. జీవితంలో మొదటిసారి ఒకరు నా మాట చివరిదాకా విని మెచ్చుకున్నారు. గొంతు పూడుకుపోయింది. అందులో కొంత గంధకం వల్ల. నేనూ స్ప్రేయర్ ఎడమ చేతికి మార్చుకుని, గ్లవుజు తొడిగిన కుడి బొటనవేలు పైకెత్తి చూపించాను.

ఆవిడ వేలు దించలేదు. ఇంకాస్త ముందుకు చాపింది. నేనూ ముందుకు చాపాను. గోడకు అటూ ఇటూ ఇద్దరం వేళ్లు పైకెత్తుకుని నిలబడ్డాం. ఎంతసేపంటే, మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఎదురింటి పిల్ల ఆరేయడం ఆపి చూసేంతసేపు.

"బాబూ," అంది ఆవిడ చివరికి, "ఆ కళ్లద్దాలు తీసి చూడు. రుద్దితే వేలికి ఏమీ అంటలేదు."

తీశాను. వేలు శుభ్రంగా ఉంది. అంత శుభ్రమైన వేలు నేనెప్పుడూ చూడలేదు. అలవాటుగా తుడుచుకోబోయి, తుడుచుకోవడానికి ఏమీ లేదని గుర్తొచ్చి ఆగిపోయింది ఆవిడ. తర్వాత తన వెనక పందిరి చూపించింది. ఆవిడ గుమ్మడి పాదు. ప్రతి ఆకు మీదా అవే తెల్ల మచ్చలు. కింద మూడు కాయలు.

"గుమ్మడాకు అంతే కదా బాబూ."

అంతేనట. ఈనెలు చీలే మూలల్లో, ఎవరో ముగ్గుపిండితో దిద్దినట్టు, అటెంతో ఇటూ అంతే. ఆకు పైపొర కింద గాలి నిలిచి వెండిలా మెరుస్తుంది. లోపలిది కాబట్టి తుడిస్తే పోదు, పాలు పోస్తే అసలే పోదు. తెగులైతే పిండి చల్లినట్టు ఎక్కడపడితే అక్కడ గుండ్రంగా మొదలవుతుంది, అడుగున కూడా ఉంటుంది, వేలికి అంటుతుంది. వేలు నాకూ ఉంది. నాకైతే రెండున్నాయి.

గురువారానికి ఆకుల అంచులు మాడాయి. నూనె కొట్టిన రెండు వారాల దాకా గంధకం కొట్టకూడదట. ఎండ 32 డిగ్రీలు దాటితే అసలు ముట్టుకోకూడదట. గుమ్మడి జాతిలో కొన్నిటికి గంధకమే పడదట. ఇదంతా పొట్లం వెనకాల ఉంది, పేనుబంక పురుగు చదువుకోవడానికి అచ్చేసినట్టు. ముందువైపు మాత్రం నిగనిగలాడే ఆకు బొమ్మ అరచేతంత.

మాడిన ఆకుని యాప్‌కి చూపించాను. నేరం ఒప్పిద్దామని. అది తిరిగి తిరిగి, "బూడిద తెగులు, 71 శాతం. మీ చికిత్స పనిచేస్తోంది. కొనసాగించండి" అంది. కింద ఒక బొటనవేలు బొమ్మ.

ఇవాళ మనసు గట్టి చేసుకుని స్ప్రేయర్ కడుగుదామని కూర్చున్నాను. ఆదివారం పాలు, సోమవారం నూనె, మంగళవారం గంధకం, మూడూ ఆ కడుపులోనే ఉన్నాయి. మూత అలా తిప్పానో లేదో, వంటింట్లోంచి మా ఆవిడ కేక.

"ఏమండీ, గ్యాస్ లీకవుతున్నట్టుంది, ఒకసారి చూడండి!"