సన్మానాలు సరే, ఆ నోట్‌బుక్కుల మాటేమిటి?

2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు. పత్రికలన్నీ ప్రత్యేక సంచికలు వేస్తాయి. వాటిలో ఏముంటుందో ఇప్పుడే చెప్పేయొచ్చు. ధవళేశ్వరం ఆనకట్ట, గుర్రం మీద కాటన్ దొర. 1881 డిసెంబరులో వీరేశలింగం పంతులు గారు జరిపించిన మొదటి వితంతు వివాహం. 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసిన హేవలాక్ వంతెన. చివరి పేజీలో ఆత్రేయపురం పూతరేకులు. అవన్నీ చెప్పుకోవాల్సినవే, కాదనను. కానీ వరసపెట్టి చదివితే ఆ వంతెన కట్టాక ఈ డెల్టాలో ఇంకేమీ జరగలేదేమో అనిపిస్తుంది. 1986 వరదకు ఒక పేరా, 1996 తుపానుకు ఇంకో పేరా, పాశర్లపూడి గ్యాస్ బావి మంటకు ఒక ఫొటో. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్) నాట్లు మానేసి పంట విరామం ప్రకటించిన సంగతికి ఆ పేరా కూడా దక్కదు.

గడిచిన యాభై ఏళ్లనూ దగ్గరుండి చూసి, రాసి, ఫొటోలు తీసిన పత్రికల విలేకరులు, ఫొటోగ్రాఫర్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. రిటైరయ్యారు. కాకినాడలో, రాజమహేంద్రవరంలో, అమలాపురంలో, భీమవరంలో అప్పుడప్పుడూ కలుస్తుంటారు. ప్రెస్‌క్లబ్బు గదిలోనో, గ్రంథాలయం వరండాలోనో, ఎవరో ఒకరి డాబా మీదో కూర్చుంటారు. టీ, పకోడీ, ఎవరికి స్టెంట్ వేశారు, ఎవరి పింఛను ఎక్కడ ఆగింది, ఏ ఎడిటర్ ఎవరిని ఎలా తిట్టాడు. ఏడాదికోసారి శాలువాలు, జ్ఞాపికలు. మధ్యమధ్య సంతాప సభలు, అవీ ఈమధ్య ఎక్కువయ్యాయి. ఇలాంటి కూటముల్లో ఇప్పుడు కొత్తగా వినిపిస్తున్న మాట, మన ప్రాంత చరిత్రను మనమే భద్రపరచాలని. మంచి మాటే. కాకపోతే అది దాదాపు ప్రతిచోటా ఒక సావనీరు దగ్గరకొచ్చి ఆగిపోతోంది. అందరి దగ్గరా తలో రెండు పేజీల జ్ఞాపకాలు తీసుకుని, ముందు పేజీలో ఎమ్మెల్యే గారి సందేశం వేసి ఆవిష్కరించేస్తే పని అయిపోయినట్టే.

నా అభిప్రాయం ఏమిటంటే, ఈ పని తలకిందులుగా జరుగుతోంది. జ్ఞాపకాలు తర్వాత రాసుకోవచ్చు. ముందు దక్కించుకోవాల్సింది వాళ్ల అటకల మీదున్న కాగితాలు, నెగటివ్‌లు, టేపులు. వాటిని ముందు పెట్టుకుని, అచ్చులోకి రాకుండా పోయినదాన్ని రాయాలి. అచ్చయినది ఎప్పటికైనా ఎక్కడో ఒకచోట దొరకొచ్చు. అచ్చు కానిది ఈ మనుషుల దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు.

ఆమధ్య అలాంటి ఒక కలయికలో చూసింది చెబుతాను. ఒకాయన 1986 వరద ఫొటో తెచ్చారు. నలుపు తెలుపు ప్రింటు, అంచులు వంకర తిరిగాయి. పెంకుటింటి కప్పు మీద ఆడవాళ్లు, పిల్లలు. చూరుకు ఆనించి ఒక నాటుపడవ. వెనకాల బురదనీళ్లలో కొబ్బరిచెట్లు. తిప్పి చూస్తే ఫొటోగ్రాఫర్ రబ్బరుస్టాంపు, ‘3 కాలమ్’ అన్న రాత, పత్రికాఫీసులో వార్తలు దిద్దే డెస్కు వాళ్లు ఎర్ర పెన్సిలుతో కొట్టిన గీతలు. ఊరి పేరు లేదు. ‘ముమ్మిడివరం వైపండీ’ అన్నారు ఒకరు. రాజోలు వైపు చాలాకాలం ఊళ్ల నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌గా చేసిన పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, ‘కాదండీ బాబూ, ఆ మూల గుడి కనపడతాందిగా, అది మా అవతలి లంకండి, ఆయ్’ అన్నారు. తీరా చూస్తే ఆ గుడి శిఖరం ఉన్న మూలనే డెస్కులో గీత గీసి కోసేశారు. అచ్చయిన ఫొటోలో గుడి లేదు, కాబట్టి ఊరూ లేదు. పెద్దాయన ఇంకో సంగతి చెప్పారు. ఆ ఇంటివాళ్లు పడవ వచ్చినా ఎక్కలేదట, గేదెల్ని వదిలి రామన్నారట. ఆ ముక్క తన వార్తలో రాశారు, పేజీలో చోటు లేక లేచిపోయింది.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర నీళ్లు 35 లక్షల క్యూసెక్కులకు చేరాయని, భద్రాచలంలో 75.6 అడుగులు తాకాయని ఏ రికార్డు తిరగేసినా తెలుస్తుంది. పడవ వచ్చినా జనం ఎందుకు ఎక్కలేదో ఏ రికార్డులోనూ ఉండదు. 2022 జులైలో భద్రాచలంలో మళ్లీ 71 అడుగులు దాటినప్పుడు లంకల్లో అధికారులు ఖాళీ చేయండని మైకుల్లో అరుస్తుంటే, పశువుల్ని వదిలి ఎలా వస్తామన్న మాటే మళ్లీ వినపడింది. ముప్పయ్యారేళ్ల కిందటి ఆ వాక్యం పేజీలో నిలిచి ఉంటే పశువుల్ని దాటించే పంట్ల (బల్లకట్టు పడవల) గురించి ఎవరైనా ముందే ఆలోచించేవారేమో.

పాత పత్రికలు దొరకడం లేదా అంటారు. చాలా పాతవైతే కాస్త నయమే. ప్రెస్ అకాడమీ వాళ్లు ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక లాంటివాటి సంచికలు స్కాన్ చేయించి నెట్‌లో పెట్టారు. బాగా కొత్తవైతే ఈ-పేపర్లున్నాయి. చిక్కంతా మధ్యలోది, ఉజ్జాయింపుగా 1975 నుంచి 2005 దాకా. తెలుగు పత్రిక పల్లెల్లోకి నడిచి వెళ్లిన కాలం అదే. 1989లో ఈనాడు జిల్లాకొకటిగా చిన్న సైజు టాబ్లాయిడ్‌లు, అంటే ‘మినీ’లు మొదలుపెట్టాక మిగతావీ అదే దారి పట్టాయి. కాలవ లాకు దగ్గర తగాదా, బడి పైకప్పు, వంతెన కోసం ధర్నా, ఇలాంటివన్నీ ఆ మినీలోకి చేరాయి. అందులోనూ జోన్ పేజీలు. రాజోలు జోన్‌లో పడ్డ వార్త తుని పాఠకుడికి కనపడదు. గ్రంథాలయాలు మెయిన్ ఎడిషన్‌ను బైండు చేయించాయి. మినీని, అదీ అన్ని జోన్లవీ, వరసగా దాచిన చోటు నాకైతే తారసపడలేదు. డెల్టా రోజువారీ బతుకు అత్యంత వివరంగా అచ్చయిందీ అందులోనే, పొట్లాలు కట్టడానికి పోయిందీ అదే.

ఇక అచ్చుకు చేరేలోపు రాలిపోయినదాని సంగతి. ఫ్యాక్సులు లేని రోజుల్లో కంట్రిబ్యూటర్ వార్త రాసి, కవరులో పెట్టి, సాయంత్రం ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాడు. అవతల బస్టాండులో ఎవరో తీసుకోవాలి. బస్సు తప్పితే వార్త తప్పినట్టే. వచ్చేది లైన్ అకౌంటు, అంటే అచ్చయిన మేరకే డబ్బులు. పది సెంటీమీటర్లు రాస్తే నాలుగు మిగిలేది. మిగతా ఆరు ఎందుకు ఎగిరాయన్నదానికి జవాబు ఒక్కోసారి ప్రకటన వచ్చిందని, ఒక్కోసారి ఫలానా రొయ్యల చెరువు ఫలానా నాయకుడి బావమరిదిదని. ఈ రెండో రకం జవాబు ఏ లైబ్రరీలో దొరుకుతుంది? ఇన్నాళ్లూ ఉద్యోగ భయం. ఇప్పుడది లేదు. రిటైరయ్యాక కూడా చెప్పకపోతే ఇంకెప్పుడు?

అలా చెప్పేవాళ్లు లేకపోతే ఏమవుతుందో కాకినాడ దగ్గరి కోరంగిని చూస్తే తెలుస్తుంది. 1839 నవంబరు ఉప్పెన ఆ రేవును ఊడ్చేసింది. మూడు లక్షల మంది పోయారని ఒకరిని చూసి ఒకరు రాస్తూ వస్తున్నారు. అప్పటి రేవుపట్నం, చుట్టుపక్కల పల్లెలను ఊహించుకుంటే నాకు ఆ అంకె నమ్మబుద్ధి కాదు. సరిచూద్దామంటే ఇక్కడి మనిషి రాసిన వాక్యం నా కంటికి ఒక్కటీ పడలేదు. ఆ ఉప్పెన సంగతి మనకు చేరింది ఎక్కువగా ఈస్టిండియా కుంపిణీ ఉత్తరాల దారినే. అదే తీరంలో 1996 నవంబరు 6 రాత్రి తుపాను. వెయ్యి మందికి పైగా పోయారు. వేటకెళ్లి తిరిగిరాని భైరవపాలెం మత్స్యకారుల పేర్లు రోజుల తరబడి జాబితాల్లో చేరుతూనే ఉన్నాయి. కలెక్టరేట్ జాబితా ఒకటి, ఊళ్లో విలేకరి ఇల్లిల్లూ తిరిగి నోట్‌బుక్కులో రాసుకున్న జాబితా ఒకటి. ఆ రెండూ కలవకపోతే ఎందుకు కలవలేదో చెప్పగలిగిన మనిషి ఇవాళ మనవడిని బడి దగ్గర దింపి వస్తుంటాడు. నోట్‌బుక్కు ఎక్కడుందో ఆయనకే గుర్తుండదు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టిన వీరేశలింగం గారు స్వీయచరిత్ర రాశారు. దేశమాత పత్రిక నడిపిన చిలకమర్తి వారు చూపు లేకపోయినా తన కథ చెప్పి రాయించారు. పందొమ్మిదో శతాబ్దపు రాజమహేంద్రవరం వీధులు, తగాదాలు, నాటకాలు, వెలివేతలు మనకు ఇంత దగ్గరగా తెలిశాయంటే వాళ్లిద్దరికీ చాలా రుణపడి ఉన్నాం. తమ పత్రికలో రాయని విషయాలు అక్కడ రాశారు కాబట్టే ఆ పుస్తకాలు నిలిచాయి. ఇప్పటి సావనీర్లలో కనపడేది వేరే తరహా. ముఖ్యమంత్రి తనను పేరు పెట్టి పిలిచాడు, తన వార్తతో ఎస్పీ బదిలీ అయ్యాడు. విలేకరులం కదా, కథ చెప్పడం అలవాటు. ఏటేటా చెప్పుకుంటూ పోతే ప్రతి కథలోనూ హీరో మనమే అవుతాం.

అందుకే జ్ఞాపకాన్ని కాగితం పక్కన కూర్చోబెట్టి అడగాలంటాను. పాశర్లపూడి తీసుకోండి. ఓఎన్‌జీసీ బావిలో 1995 జనవరి 8న బ్లోఅవుట్ (గ్యాస్ అదుపు తప్పి ఎగజిమ్మడం), మార్చి 15న మంట ఆరింది. 65 రోజులు. ఆ మంట వెలుగులో రాత్రి పేపరు చదివామని చెప్పని కోనసీమ మనిషి ఉండడు. బాగుంది. ఎంత దూరంలో, ఏ ఊళ్లో, ఏ వారంలో? ఇళ్లు ఖాళీ చేసినవాళ్లు ఎక్కడ ఉన్నారు, వంట ఎవరు చేశారు, కొబ్బరిచెట్టుకు ఎంత చొప్పున పరిహారం కట్టారు, కౌలుదారుడికి దక్కిందా? అప్పుడు తిరిగిన నలుగురిని కూర్చోబెట్టి, క్లిప్పింగులు ముందు పరిచి, మాటలు రికార్డు చేయాలి. నలుగురూ నాలుగు రకాలుగా చెబితే నాలుగూ ఉంచాలి. సర్దుబాటు చేయడం డెస్కు అలవాటు, దాన్ని ఇక్కడికి తేకూడదు.

కాగితాల విషయంలో తొందర ఎందుకంటే, మన గాలి అలాంటిది. న్యూస్‌ప్రింటు చవక కాగితం, దానంతటదే పసుపెక్కి పొడి అవుతుంది. నెగటివ్‌లకు ఉక్క, చెమ్మ తగిలితే ఫిల్ము వంకరపోతుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన వస్తోందంటే అది చెడిపోవడం మొదలైనట్టే, పక్కనున్న వాటినీ చెడగొడుతుంది, కాబట్టి విడదీయాలి. క్లిప్పింగులకు లామినేషన్ చేయించేవాళ్లున్నారు, దండం పెట్టి ఆపాలి. సెల్లోటేపూ అంతే. లోకల్ కేబుల్ చానళ్ల టేపులది ఇంకా అన్యాయం, ఒకే క్యాసెట్ మీద మళ్లీమళ్లీ రికార్డు చేశారు. మిగిలిన నాలుగైనా ఆడించాలంటే పనిచేసే ప్లేయరు దొరకాలి, ఏటేటా అదీ గగనమవుతోంది.

క్లబ్బుల్లో ఎక్కువగా భయపెట్టే ప్రశ్న ఇంకొకటి, ‘అవి యాజమాన్యానివి కదండీ, మనం వాడొచ్చా?’ అని. 1957 కాపీరైటు చట్టం అంత కఠినంగా లేదు. పత్రికలో జీతానికి చేసే ఉద్యోగి రాసినదాన్ని పత్రికల్లో ప్రచురించుకునే హక్కు యజమానిదే. వేరే ఒప్పందం లేనప్పుడు మిగతా హక్కులు రాసినవాడికే ఉంటాయి. ఉద్యోగి కాని కంట్రిబ్యూటర్ తన హక్కులు రాసివ్వకపోతే అతని రాతలు అతనివే. చేరేటప్పుడు ఏ కాగితం మీద సంతకం పెట్టారో ముందు అది చూసుకోవాలి. అలా తేలినవాటిని స్కాన్ చేసి, ఒక కాపీ రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం లాంటి చోట, ఇంకో కాపీ ఏదైనా విశ్వవిద్యాలయంలో పెట్టించడం క్లబ్బు చేయగల పనే. ఒక్కరి ఇంట్లో ఒక్క హార్డ్‌డిస్కులో పెట్టి భద్రం అనుకోవడం మాత్రం వద్దు.

చివరిగా, అసలు ఈ క్లబ్బుల్లో ఎవరున్నారు? ఎక్కువమంది పట్నంలో స్టాఫర్లుగా చేసినవాళ్లు, అక్రెడిటేషన్ కార్డు ఉన్నవాళ్లు, మగవాళ్లు. ఏ కులాలవాళ్లో నేను చెప్పనక్కర్లేదు. కంపోజిటర్లు లేరు. టెలిప్రింటర్ ఆపరేటర్లు లేరు. తెల్లవారుజామున పంటు మీద పేపరు కట్టలు దాటించిన ఏజెంట్లు లేరు. దళితవాడల నుంచి వచ్చి ఏళ్ల తరబడి లైన్ అకౌంటు మీదే బతికిన కంట్రిబ్యూటర్లను పిలవడం ఎవరికీ తోచలేదు. 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చడం మీద గొడవై అమలాపురం తగలబడింది. ఇక్కడి చరిత్ర ఎవరి కళ్లతో రాస్తారన్నది ఈ డెల్టాలో ఊరికే అడిగే ప్రశ్న కాదని ఆ సాయంత్రం తేలిపోయింది. ఏ పేటలో ఏ ఘటన పత్రికకెక్కింది, ఏది ‘స్థానిక గొడవ’ అని పక్కన పడింది, ఆ లెక్క తీయాలంటే పక్కన పెట్టినవాళ్లతో పాటు రాసి పంపినవాళ్లూ అదే గదిలో ఉండాలి.

అంతర్వేది నుంచో సఖినేటిపల్లి నుంచో డెబ్బయ్యేళ్ల మనిషి రాజమహేంద్రవరం రావాలంటే రోజంతా పడుతుంది, రానూపోనూ ఖర్చు వేరే. కాబట్టి సమావేశమే అటు వెళ్లాలి. ఒక నెల రాజోలులో, ఒక నెల ముమ్మిడివరంలో, ఒకసారి నరసాపురంలో, ఒకసారి యానాంలో పెట్టండి. 1954లో ఫ్రెంచివాళ్ల చేతిలోంచి బయటపడ్డ యానాం మీద ఇటు విలేకరులు ఏం రాశారో, అటువాళ్లు ఏం అనుకున్నారో అదే ఒక పూట సరిపోతుంది. వచ్చేవాళ్లను పాత ఫొటోల డబ్బా ఒకటి వెంట తెమ్మనండి. శాలువాల డబ్బుతో ఒక స్కానరు కొని బండిలో పడేసుకుంటే చాలు, పుష్కరాల్లోపు కనీసం 1986, 1996 డబ్బాలైనా అయిపోతాయి.