పగిలిన పార్సిల్: కొరియర్‌తో తగువు మీది కాదు

వేరే దేశం నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న వస్తువు పగిలిపోయి వచ్చిందని చెప్పగానే అమ్మినవాళ్ల నుంచి వచ్చే మొదటి జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. "సారీ, మేం బాగానే ప్యాక్ చేశాం, మీరు కొరియర్ వాళ్లతో మాట్లాడుకోండి." చాలామంది ఈ ఒక్క వాక్యం దగ్గరే సగం ఓడిపోతారు. బుద్ధిగా కొరియర్ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తారు. "క్లెయిమ్ పంపినవాళ్లే వేయాలండి" అంటారు అక్కడ. మళ్లీ అమ్మినవాళ్లకి మెసేజ్. "ఎంక్వైరీ పెట్టాం, రెండు వారాలు ఆగండి" అంటారు వాళ్లు. ఇలా ఇంటికీ గుమ్మానికీ తిరుగుతుండగానే డిస్ప్యూట్ (కొన్న వేదికలోనో, పేపాల్ లాంటి చెల్లింపు సేవలోనో పెట్టే ఫిర్యాదు) గడువు దాటిపోతుంది. అమ్మినవాళ్లకు కావలసింది సరిగ్గా అదే.

కొరియర్‌ని ఎంచుకున్నది ఎవరు? అమ్మినవాళ్లు. ఆ కొరియర్‌కి డబ్బు కట్టింది, లేబుల్ ముద్రించింది, ఒప్పందం చేసుకున్నది ఎవరు? అమ్మినవాళ్లే. మీరు డబ్బిచ్చింది పనిచేసే వస్తువుకి, మీ చేతికి అందేలా. దారిలో ఎవరు విసిరేశారు, ఎవరు సరిగా చుట్టలేదు అన్నది వాళ్లిద్దరి తగువు. అందులోకి మీరు దిగారంటే తీర్పు చెప్పే బాధ్యత కూడా మీ నెత్తిన పడుతుంది.

ఇది కేవలం న్యాయంగా అనిపించే మాట కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2011 నాటి వినియోగదారుల హక్కుల డైరెక్టివ్ 20వ అధికరణం ప్రకారం, వస్తువు వినియోగదారు చేతికి అందేదాకా నష్టభయం, అంటే వస్తువు పోయినా పగిలినా ఆ నష్టం భరించాల్సిన బాధ్యత, అమ్మినవాళ్లదే. బ్రిటన్ 2015లో చేసిన వినియోగదారుల హక్కుల చట్టం 29వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. రెండింటిలోనూ మినహాయింపు ఒక్కటే: కొరియర్‌ని మీరే స్వయంగా కుదుర్చుకుంటే, వస్తువు ఆ కొరియర్ చేతికి వెళ్లగానే నష్టభయం మీది అయిపోతుంది. డబ్బు ఆదా అవుతుందని మధ్యలో ఫార్వర్డింగ్ కంపెనీ (పార్సిల్ అందుకుని మళ్లీ మీకు పంపే సంస్థ) గోడౌన్ చిరునామా ఇచ్చేవాళ్లు ఇది రెండుసార్లు చదవాలి. ఆ గోడౌన్‌లో పార్సిల్ దిగడంతోనే అమ్మినవాళ్లు తప్పుకుంటారు, అక్కడినుంచి మళ్లీ వేరే చిరునామాకు వెళ్లిన వస్తువుకి ఈబే లాంటి వేదికల రక్షణ కూడా ఉండదు.

దీని చెల్లెలు లాంటి మాట ఇంకొకటుంది. "మీరు షిప్పింగ్ ఇన్సూరెన్స్ తీసుకోలేదు కదా!" నష్టభయం ఎవరిదో బీమా అవసరం వాళ్లది. తన నష్టానికి తాను బీమా చేయించుకోకుండా, ఆ ప్రీమియం మీరు కట్టలేదు కాబట్టి నష్టం మీదే అనడం ఎక్కడి తర్కమో!

సరే, మొండిగా కొరియర్ మీదకే వెళ్లారనుకుందాం. ఏం వస్తుంది? విమానంలో వచ్చే సరుకుకి 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. దాని ప్రకారం రవాణా సంస్థ బాధ్యత వస్తువు ధరని బట్టి కాదు, బరువుని బట్టి. 2024 డిసెంబర్ 28 నుంచి కిలోకి 26 ఎస్‌డీఆర్, అంతకుముందు 22. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకట్టే యూనిట్, ఒక అమెరికన్ డాలర్ కంటే కాస్త ఎక్కువ. ప్యాకింగ్‌తో కలిపి కిలోన్నర తూగే కెమెరా లెన్స్ పగిలితే గరిష్ఠంగా వచ్చేది 39 ఎస్‌డీఆర్. పంపేటప్పుడే ఎక్కువ విలువ ప్రత్యేకంగా ప్రకటించి, దానికి అదనపు రుసుము కడితేనే ఈ పరిమితి పెరుగుతుంది. ఆ పని చేయగలిగింది కూడా పంపినవాళ్లే.

పైగా పంపినవాళ్ల ప్యాకింగ్ లోపం వల్ల నష్టం జరిగిందని రుజువు చేస్తే రవాణా సంస్థ ఆ మేరకు తప్పించుకోవచ్చు. కస్టమ్స్ లాంటి ప్రభుత్వ అధికారుల చర్య వల్ల జరిగినా అంతే. కాబట్టి "ప్యాకింగ్ చాలలేదు" అనే ముద్ర కొరియర్ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

అయితే ఒక్క పని మాత్రం కొరియర్ దగ్గర చేయాలి. అదే ఒప్పందం ప్రకారం సరుకు దెబ్బతిందన్న ఫిర్యాదుని, సరుకు అందుకున్న రోజు నుంచి 14 రోజుల్లోగా, రాతపూర్వకంగా పంపాలి. రాయకపోతే, మోసం జరిగిన సందర్భంలో తప్ప, కొరియర్ మీద దావాకి దారే మూసుకుపోతుంది. అందుకని రెండు వాక్యాల మెయిల్ పెట్టండి: ఫలానా ట్రాకింగ్ నంబర్, ఫలానా తేదీన అందింది, లోపల వస్తువు పగిలి ఉంది, నష్టాన్ని నమోదు చేయండి. అంతే. డబ్బు అడగొద్దు, వాదించొద్దు. ఆ మెయిల్ కాపీ రేపు అమ్మినవాళ్ల ముందు పెట్టడానికి పనికొస్తుంది. "మీరు గడువులోగా చెప్పలేదు కాబట్టి మా క్లెయిమ్ పోయింది" అనే సాకు వాళ్లకు మిగలదు.

పోస్టులో వచ్చిన పార్సిల్ దారి వేరు. మాంట్రియల్ ఒప్పందం పోస్టల్ వస్తువులకు ఇలా వర్తించదు, అక్కడ ప్రపంచ తపాలా సమాఖ్య నియమాలు నడుస్తాయి. విచారణ కోరడానికి పోస్టు చేసిన మర్నాటి నుంచి 6 నెలల గడువు. రిజిస్టర్డ్, ఇన్సూర్డ్, పార్సిల్ వర్గాలకు పరిహారం ఉంటుంది, మామూలు చిన్న ప్యాకెట్‌కి ఉండదు. పోస్టాఫీసులో నష్టం రిపోర్టు రాయించుకునే వీలుంటే రాయించుకోండి. డిస్ప్యూట్‌లో అది బంగారం, ఎందుకంటే మీరూ అమ్మినవాళ్లూ కాని మూడో పక్షం రాసిన కాగితం అది.

ఇక్కడ లేబుల్ మీది కస్టమ్స్ ప్రకటన చూడటం మరిచిపోకండి. మీరు వందల్లో కట్టిన వస్తువుకి "గిఫ్ట్, విలువ 10 డాలర్లు" అని రాసి పంపేవాళ్లు కొల్లలు. మీకు సుంకం తగ్గిస్తున్నామని ఉపకారంలా చెబుతారు. పగిలినప్పుడు ఆ 10 డాలర్లే మెడకు చుట్టుకుంటుంది: క్లెయిమ్‌లో నష్టం విలువకి మొదట చూసే కాగితాల్లో అదొకటి. కొరియర్ నుంచి తమకు పెద్దగా ఏమీ రాదని అమ్మినవాళ్లకు తెలుసు, అందుకే మీకు ఇవ్వడానికి అంత గింజుకుంటారు. తప్పుడు విలువ రాయమని మీరే అడిగి ఉంటే మాత్రం ఆ చాట్ మీ మెడకే చుట్టుకుంటుంది.

అసలు ఇన్ని వస్తువులు ఎందుకు పగులుతున్నాయి? విసిరేయడం ఒక కారణమే, కానీ పెద్ద కారణం లెక్కల్లో ఉంది. విమాన కొరియర్లు అసలు బరువు, ఘనపరిమాణ బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. 30, 20, 20 సెంటీమీటర్ల పెట్టె అయితే 2.4 కిలోలు. అదే వస్తువుకి చుట్టూ 5 సెంటీమీటర్ల మెత్తదనం చేర్చితే పెట్టె 40, 30, 30 అవుతుంది, అంటే 7.2 కిలోలు. ఛార్జీ లెక్కకు వచ్చే బరువు మూడు రెట్లు! ఆ 5 సెంటీమీటర్లు కొరియర్ సంస్థల ప్యాకింగ్ మార్గదర్శకాల్లో మామూలుగా కనిపించే లెక్కే, కానీ లాభం మింగేది కూడా అదే. అందుకని ఒక పొర బబుల్ ర్యాప్ చుట్టి, పైన "ఫ్రాజైల్" స్టిక్కర్ అతికించి చేతులు దులుపుకుంటారు. పార్సిళ్లను వేరుచేసే కన్వేయర్ బెల్టు బార్‌కోడ్ చదువుతుంది, స్టిక్కర్ చదవదు.

ఇది తెలిస్తే ఏ ఫొటో తీయాలో తెలుస్తుంది. జనం పగిలిన ముక్క ఒక్కటే దగ్గర నుంచి తీసి పంపుతారు, అది అన్నిటికంటే బలహీనమైన ఫొటో. మీరే పడేసి ఉండొచ్చు కదా అంటారు. తెరవకముందు పెట్టె ఆరు వైపులా, లేబుల్ చదివేంత స్పష్టంగా, నలిగిన మూల ఉంటే దాన్ని విడిగా తీయండి. మూత తీయగానే, దేన్నీ కదపకుండా పైనుంచి ఒకటి. వస్తువుకీ పెట్టె గోడకీ మధ్య స్కేలు పెట్టి ఒకటి, ప్యాకింగ్ చాలలేదని అది ఒక్కటే చెప్పేస్తుంది. పెట్టె నలిగిన చోటూ లోపల వస్తువు పగిలిన చోటూ ఒకే వైపు ఉన్నాయని ఒకే ఫ్రేములో చూపండి. సీరియల్ నంబర్ ఒకటి. ఎలక్ట్రానిక్ వస్తువైతే ప్లగ్ పెట్టడం నుంచి ఆన్ కాకపోవడం దాకా మధ్యలో కట్ చేయని వీడియో. అయితే కేసింగ్ పగిలి లోపలి వైర్లు కనబడుతున్నా, బ్యాటరీ ఉబ్బినా అసలు ఆన్ చేయొద్దు, అలా ఉన్న వీడియోనే చాలు.

పెట్టె బయటికే నలిగి కనిపిస్తే వెనక్కి పంపేయమని సలహా ఇస్తుంటారు. నేను ఒప్పుకోను. ట్రాకింగ్‌లో "నిరాకరించారు" అని పడుతుంది, మీ దగ్గర ఒక్క ఫొటో ఉండదు, పార్సిల్ సముద్రం దాటి వెనక్కి చేరుతుందన్న భరోసా లేదు, అమ్మినవాళ్లేమో మనసు మార్చుకున్నారంటారు. తీసుకోండి, సంతకం పెట్టే చోట "పెట్టె నలిగి ఉంది" అని రాయండి. రాసే వీలు లేకపోతే డెలివరీ మనిషి ఉండగానే ఫొటో తీయండి. ఆయన మీద మాత్రం అరవొద్దు, అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు.

ఇక అమ్మినవాళ్లకు రాసే మొదటి మెసేజ్. వేదిక మెసేజ్ బాక్స్‌లోనే రాయండి, వాట్సాప్‌లోనో సొంత ఈమెయిల్‌లోనో మాట్లాడదాం రమ్మంటే వెళ్లకండి. డిస్ప్యూట్ చూసే మనిషికి వేదికలో ఉన్నదే కనబడుతుంది. ఆర్డర్ నంబర్, అందిన తేదీ, ఏం పగిలింది, ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి. చిన్న చిన్న వాక్యాలు, ఎందుకంటే అటువైపు మెషీన్ అనువాదంలో చదువుతుండొచ్చు. వెటకారాలు, శాపనార్థాలు అనువాదంలో విచిత్రంగా మారతాయి. "మీకు వీలైన న్యాయం చేయండి" అని రాయొద్దు. "పూర్తి రీఫండ్ కావాలి" అని రాయండి.

అప్పుడు మొదలవుతుంది వేలంపాట. 10 శాతం ఇస్తాం. కాదంటే 20. తర్వాత 30, దాంతోపాటు మేనేజర్ నన్ను తిడతాడన్న కన్నీటి కథ. శాతాల్లో మాట్లాడటమే పొరపాటు. విరిగిన భాగం ధర, అది తెప్పించే ఖర్చు, బిగించే కూలి కలిపి ఒక అంకె చెప్పండి, బాగుచేయలేనిదైతే మొత్తం అడగండి. పాక్షిక రీఫండ్‌కి ఒప్పుకుంటే చాలాచోట్ల కేసు అక్కడితో ముగిసినట్టే.

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట: "ముందు డిస్ప్యూట్ క్లోజ్ చేయండి, వెంటనే డబ్బు పంపుతాం." పేపాల్‌లో ఒకసారి మూసిన డిస్ప్యూట్ మళ్లీ తెరవడం కుదరదు. డబ్బు ఖాతాలో పడ్డాకే మూయాలి, ముందు కాదు. అక్కడ చెల్లించిన రోజు నుంచి 180 రోజుల్లో డిస్ప్యూట్ తెరవాలి, తెరిచిన 20 రోజుల్లో దాన్ని క్లెయిమ్‌గా పెంచాలి (అంటే తీర్పు పేపాల్‌నే చెప్పమనాలి), లేకపోతే దానంతట అదే మూసుకుపోతుంది. ఈబేలో డెలివరీ నుంచి 30 రోజులు, అమ్మినవాళ్లకు స్పందించడానికి 3 పనిదినాలు, ఆ తర్వాత ఈబేని జోక్యం చేసుకోమనొచ్చు. స్నేహితులు, కుటుంబం అనే ఆప్షన్‌లో డబ్బు పంపి ఉంటే పేపాల్‌లో ఈ రక్షణ ఏదీ లేదు.

కారణం ఎంచుకునే మెనూలో తప్పు నొక్కితే గెలిచే కేసు కూడా పోతుంది. "అందలేదు" అని పెడితే ట్రాకింగ్‌లో డెలివరీ అయినట్టు చూసి కొట్టేస్తారు. "నచ్చలేదు" అని పెడితే వెనక్కి పంపే ఖర్చు మీదే. "దెబ్బతిని వచ్చింది", అది లేకపోతే "వర్ణనకు తగ్గట్టు లేదు", అదే సరైనది.

వెనక్కి పంపమంటే ముందు ఖర్చు ఎవరిదో రాతలో తేల్చుకోండి. వర్ణనకు తగ్గట్టు లేదన్న కేసుల్లో ఈబే అమ్మినవాళ్లచేత కట్టిస్తుంది, పేపాల్‌లో ఆ భారం మామూలుగా మీ మీదే పడుతుంది. ట్రాకింగ్ లేకుండా పంపడమంటే నీళ్లలో వేసినట్టే. కస్టమ్స్ కాగితం మీద "తిరిగి పంపుతున్న, దెబ్బతిన్న సరుకు" అని రాయకపోతే అటువైపు సుంకం పడొచ్చు, అమ్మినవాళ్లు పార్సిల్ తీసుకోకపోవచ్చు. లోపల దెబ్బతిన్న లిథియం బ్యాటరీ ఉంటే అసలు విమానంలో పంపడమే నిషిద్ధం. ఈ సంగతి అమ్మినవాళ్లకూ వేదికకూ రాసి పెట్టండి, "వెనక్కి పంపితేనే రీఫండ్" అన్న షరతుకి అదే సూటి జవాబు.

ఇవేవీ పనిచేయకపోతే కార్డు బ్యాంకు ఉంది, కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని అక్కడ ఫిర్యాదు పెట్టొచ్చు. వీసా కార్డైతే ఆ ఫిర్యాదుకి కారణం కోడ్ 13.3, అంటే వర్ణనకు తగ్గట్టు లేని లేదా లోపమున్న సరుకు. గడువు సాధారణంగా 120 రోజులు. వస్తువు వెనక్కి పంపారా, కనీసం పంపడానికి ప్రయత్నించారా అని అడుగుతారు. అందుకే "వెనక్కి పంపడానికి సిద్ధం, లేబుల్ పంపండి" అన్న ఒక్క మెసేజ్ ముందే వేదికలో రాసి ఉండాలి. పేపాల్ కేసు నడుస్తుండగా బ్యాంకుకి వెళ్లొద్దు, వెళ్తే పేపాల్ తన కేసు మూసేస్తుంది.

బ్యాంకు ఖాతాలో డబ్బు వేయగానే పండగ చేసుకుని పెట్టెని చెత్తలో పడేస్తారు కొందరు. అది తాత్కాలిక జమ. అమ్మినవాళ్లకు ఎదురు వాదించే హక్కుంది, వాళ్లు గెలిస్తే ఆ జమ వెనక్కి పోతుంది. కేసు ముగిసిందని బ్యాంకు రాతపూర్వకంగా చెప్పేదాకా ఆ నలిగిన అట్టపెట్టె, లోపలి బబుల్ ర్యాప్‌తో సహా, అటక మీదే ఉండనివ్వండి.