బయటివాళ్ల సౌకర్యార్థం మేం చేసుకున్న మార్పులు

మా చర్చి సంఘం మారాలని మొత్తానికి తీర్మానమైంది. మారకపోతే బయటివాళ్లు రారు, వాళ్లు రాకపోతే సంఘం పెరగదు, సంఘం పెరగకపోతే కానుక పెరగదు. ఈ చివరి ముక్క తీర్మానంలో రాయలేదు గానీ చర్చంతా దాని చుట్టూనే తిరిగింది. నల్లగొండ నుంచి దేవరకొండ పోయే దారిలో ఎక్కడో ఉన్న ఈ సంఘం పేరు చెప్పను. చదివినవాళ్లు ఎవరికి వాళ్లు తమ సంఘమే అనుకుంటే నాకేం అభ్యంతరం లేదు. మార్పు ఉపసంఘంలో నేనూ మెంబర్‌ని కాబట్టి, ఇంతవరకు సాధించింది నలుగురికీ తెలియజేయడం నా బాధ్యత.

మొదటి అడ్డు పెద్దల నుంచే వచ్చింది. "తాతల నాటి నుంచి నడుస్తున్న పద్ధతి, ఎట్ల మారుస్తరు?" అన్నారు. ఏ తాతలో చూద్దామని మన వైపు మిషన్ చరిత్ర తిరగేశాం. అబ్రహాం ఫ్రీసెన్ అనే మిషనరీ 1889లో రష్యా సామ్రాజ్యం నుంచి బయల్దేరి నల్లగొండ చేరాడు. ఆయనది మెన్నొనైట్ బ్రదరెన్ సంఘం. ఆ సంఘం ఎట్లా పుట్టిందయ్యా అంటే, 1860లో తాతల పద్ధతి నచ్చక పాత మెన్నొనైట్ సంఘంలోంచి వేరుపడి పుట్టింది. పోనీ ఆ పాత సంఘమైనా బుద్ధిగా ఉందా? దాని మూలాలు 1525లో జ్యూరిక్‌లో మొదలైన ఉద్యమంలో ఉన్నాయి. పసిపిల్లలప్పుడు ఇచ్చిన బాప్తిస్మం చెల్లదని, ఎదిగినవాళ్లు మళ్లీ తీసుకున్నారు. ఆ నేరానికి 1527లో ఫెలిక్స్ మాంజ్ అనే ఆయన్ని అక్కడి నదిలో ముంచి చంపారు. కాబట్టి తాతల నుంచి మనకు సక్రమంగా సంక్రమించింది ఒకటే: తాతల మాట వినకపోవడం. ఈ సంగతి విన్నాక పెద్దలు ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళం చెవి ప్రస్తుతం ఏ గ్రూపు దగ్గరుందో తెలియదు.

అప్పట్లో బయటివాళ్లు ఎట్లా వచ్చారన్నది కూడా చూశాం. నిరాశే ఎదురైంది. ఎవరూ సర్వే చేయలేదు, ఎవరూ లైట్లు పెట్టలేదు. వాక్యం చెప్పే బైబిల్ స్త్రీలు ఎండలో ఊరూరూ తిరిగారు. బడి పెట్టారు, దవాఖాన పెట్టారు. జడ్చర్లలో మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్ల దవాఖాన పేరు పాలమూరు పల్లెల్లో ఇప్పటికీ ముసలివాళ్ల నోట వినిపిస్తుంది. ఒక ఇంటాయన నమ్మితే వెనకే తోడల్లుడు, ఆ వెనక మేనమామ, ఆ తర్వాత వియ్యంకుడు. అట్లా వాడకు వాడ కదిలొచ్చింది. ఈ పద్ధతిలో ఖర్చు తక్కువ, కష్టం ఎక్కువ. అందుకని ఉపసంఘం దీన్ని పరిశీలనలోకి తీసుకోలేదు.

అయితే ఇట్లాంటి దృశ్యాలనే మధ్య భారతంలో చూసి సిద్ధాంతం కట్టిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. పేరు డొనాల్డ్ మెక్‌గావ్రన్. 1897లో దమోహ్‌లో మిషనరీల ఇంట పుట్టాడు, అంటే సగం మనవాడే. కులమూ భాషా వర్గమూ దాటాల్సిన పని లేకపోతే జనం సులువుగా క్రైస్తవులవుతారన్నది ఆయన చెప్పినదాని సారం. 1965లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్ సెమినరీలో దీనికోసం ఒక విభాగమే తెరిచి ఆయన్ని డీన్‌ని చేశారు. ఆ దేశంలో గాలి అప్పటికే అటు తిరిగి ఉంది. 1955లోనే రాబర్ట్ షుల్లర్ అనే పాస్టర్ కార్లలో కూర్చుని సినిమా చూసే థియేటర్‌లో చిరుతిళ్ల కొట్టు పైకప్పెక్కి వాక్యం చెప్పాడు. విశ్వాసులు కార్లు దిగలేదు. 1975లో షికాగో దగ్గర విల్లో క్రీక్ సంఘం సినిమా హాల్లో మొదలైంది. దాని పాస్టర్ బిల్ హైబెల్స్ ఇల్లిల్లూ తిరిగి, మీరు చర్చికి ఎందుకు రారని అడిగి, జనం వద్దన్నవి తీసేశాడు. మన పత్తి బయటికి పోయి బ్రాండ్ చొక్కాగా తిరిగొచ్చినట్టు, మన దేశపు వాడల్లో పుట్టిన ఆ సంగతి హైదరాబాద్‌లో ఏసీ హాల్లో సెమినార్‌గా మాకు తిరిగి దొరికింది. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టి, బిర్యానీ తిని, ఫోల్డర్ చంకలో పెట్టుకుని వచ్చాం. జనం ప్రోగ్రాములకు రావడం వేరు, భక్తిలో ఎదగడం వేరు అని ఆ విల్లో క్రీక్ వాళ్లే తమ లెక్కలు తాము తీసుకుని 2007లో ఒప్పుకున్నారట. ఆ పేజీ మా ఫోల్డర్‌లో లేదు. ఉన్నా కంగారుపడం. అక్కడివాళ్లు పశ్చాత్తాపపడ్డాక ఇక్కడ మొదలుపెట్టడం మాకు అలవాటే.

ముందుగా లైట్లు. ఆ తర్వాత పొగ. పెళ్లిళ్లకు డీజే పెట్టే అతని దగ్గర యూత్ పిల్లలు పొగ మిషన్ కిరాయికి తెచ్చారు. రెండో పాట మధ్యలో వదిలారు. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దమ్మ "ఓ అయ్యా, వైర్లు కాలుతున్నయ్!" అని లేచి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తలుపు పక్కనున్న మెయిన్ బంద్ చేసింది. కీబోర్డు ఆగింది, మైకు ఆగింది, తెర మీద పాట మాయమైంది. ఆడవాళ్లు మాత్రం ఆగలేదు. ఆ మసక చీకట్లోనే చప్పట్లు కొడుతూ చివరి చరణం దాకా పాడారు. ఈ మధ్యకాలంలో ఇంత బాగా ఎప్పుడూ పాడలేదని బయటికొచ్చాక అందరూ ఒప్పుకున్నారు. దీన్ని దృష్టిలో పెట్టుకుని ఇన్వర్టర్ కొనాలని ఏకగ్రీవంగా తీర్మానించాం.

సంగీతం విషయంలో కొంత సున్నితమైన సమస్య వచ్చింది. బయటివాళ్లకు నచ్చే వాయిద్యం ఏదని ఆలోచిస్తే, బోనాలకూ పెళ్లికీ చావుకూ ఈ జిల్లా మొత్తాన్ని కదిలించేది డప్పే కదా. ఆ డప్పు మా తాతల చేతుల్లోనే ఉండేది. చర్చి కట్టిన కొత్తలో దాన్ని గుమ్మం బయటే పెట్టి రమ్మన్నారు. ఊళ్లోవాళ్లు పిలిచినప్పుడల్లా కొట్టాల్సిన గతి తప్పిందని తాతలూ సంతోషంగానే వదిలేశారు. అందులో నిజముంది, నేను కాదనను. ఇప్పుడు లోపలికి తెస్తే పెద్దలకు అవమానం, తేకపోతే యూత్‌కు దరువు లేదు. చివరికి దేవుడే దారి చూపాడు: కీబోర్డులో డప్పు టోన్ ఉంది. తోలు డప్పు నిషేధం, బటన్ నొక్కితే మోగే డప్పుకు స్వాగతం. కరెంటుతో శుద్ధి అయిందన్నమాట.

కూర్చోవడం గురించి కూడా. పక్క వీధి ఆర్‌సీఎం, అంటే రోమన్ క్యాథలిక్ వాళ్లు, ఈ పని ఎప్పుడో చేశారు. రెండో వాటికన్ మహాసభ తర్వాత, 1969లో, భారతదేశంలో పూజలో 12 మార్పులు చేసుకోవచ్చని రోమ్ అనుమతిచ్చింది. నేల మీద కూర్చోవచ్చు, చెప్పులు బయట విడవొచ్చు, హారతి పట్టొచ్చు. చెప్పులు విప్పడానికి రోమ్ పర్మిషన్ ఎందుకని మావాళ్లు తెగ నవ్వేవారు. మా పల్లె సంఘాల్లో మొదటి నుంచీ చెప్పులు గుమ్మం దగ్గరే, కూర్చోవడం చాప మీదే. తర్వాత నాగరికులమయ్యామని బెంచీలు చేయించాం. తర్వాత బెంచీలు పాతబడ్డాయని ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చాం. ఇప్పుడు సెమినార్‌లో, నేల మీద కూర్చోవడమే ఈ మట్టికి తగిన ఆరాధన అని స్లైడ్ వేసి చూపించారు. కుర్చీలు అమ్ముదామంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లంతా ఒక్కటయ్యారు. సంఘంలో రెండు గ్రూపులూ ఏకమైన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే.

పాస్టర్‌గారు జీన్స్ వేసుకున్నారు. జీతం తగ్గించారా అని ఆడవాళ్లు పాస్టరమ్మను పక్కకు పిలిచి అడిగారు. మళ్లీ తెల్ల లాల్చీకే వచ్చేశారు.

ఇంతకూ బయటివాళ్లంటే ఎవరు? ఇక్కడ ఉపసంఘం చాలాసేపు తల పట్టుకుంది. ఆదివారం లోపల కూర్చుని ఆమెన్ అనేవాళ్లలో చాలామంది సోమవారం తహసీల్దార్ ఆఫీసుకు పోతే కాగితం మీద బయటే ఉంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, మనల్ని ఇంకా చేర్చలేదు. మతం మారానని చెప్పినవాడికి బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్. ఊళ్లో మాత్రం వాడి కులం ఏ ఉత్తర్వుకూ మారలేదు, హోటల్లోనూ మారలేదు, పెళ్లి సంబంధంలోనూ మారలేదు. కాబట్టి వాడు దేవుడి దగ్గర ఒక పేరు, సర్కారు దగ్గర ఒక పేరు పెట్టుకుని బతుకుతున్నాడు. వాణ్ని అబద్ధికుడని పుల్‌పిట్ మీది నుంచి తిట్టడం సులువు. తిట్టే ఆయన సర్టిఫికెట్ కూడా ఒకసారి చూడాలని ఒక కుర్రాడు ప్రతిపాదించాడు. ఆ కుర్రాణ్ని ఉపసంఘం నుంచి తొలగించాం.

ఉపసంఘం పరిధిలోకి రాని అంశాలు కొన్ని ఉన్నాయని అధ్యక్షులవారు ముందే స్పష్టం చేశారు. చర్చి ఎన్నికలు, జమాఖర్చులు, కోర్టులో ఉన్న స్థలం, పాత కమిటీ, కొత్త కమిటీ. చర్చిలో నడిమి దారికి ఈ పక్క పాత కమిటీవాళ్లు, ఆ పక్క కొత్త కమిటీవాళ్లు కూర్చునే ఆనవాయితీ. ఎవరు ఏ పక్క అన్నది ఇంటిపేరు చెబితే చాలు, తెలిసిపోతుంది. మెక్‌గావ్రన్ గారు గోడలు దాటకుండా లోపలికి రావచ్చన్నారు. మావాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, గోడల్ని కూడా వెంట తెచ్చుకున్నారు.

ఆడవాళ్ల సంగతి కూడా పరిధిలోకి రాదు. 2013లో నంద్యాలలో సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు పుష్పలలితగారిని బిషప్‌ని చేశారని ఒకావిడ లేచి గుర్తుచేసింది. అది ఆంధ్ర అని జవాబిచ్చాం. ఆమెకు ఆమె సేవ ఉంది: ఇల్లిల్లూ తిరిగి పిడికెడు బియ్యం పోగుచేసి తేవడం. ఆ బియ్యం అమ్మిన డబ్బుతోనే మొదటి స్పీకర్లు కొన్నామన్నది మినిట్స్‌లో ఉంది. ఆ స్పీకర్లలో ఆమె గొంతు వినిపించడం మాత్రం పరిధిలోకి రాదు.

ఒక మెంబర్ జాన్‌పహాడ్ దర్గా సంగతి ఎత్తాడు. జనవరిలో ఉర్సుకు హిందువులు బండ్లు కట్టుకుని పోతారు, కందూరు చేస్తారు, మొక్కులు తీర్చుకుంటారు. అక్కడ ఫోల్డర్ లేదు, పొగ మిషన్ లేదు. వచ్చినవాణ్ని నువ్వు ఏ గ్రూపని ఎవరూ అడగరు, తిరిగిపోయేటప్పుడు ఫోన్ నంబరు రాసుకోరు. "మరి వాళ్లకు అంతమంది ఎట్ల వస్తున్నరు?" అన్నాడు. ఇది మన సిద్ధాంతానికి సంబంధించని ఉదాహరణ అని అధ్యక్షులవారు కొట్టేశారు.

చివరి అంకం సర్వే. గూగుల్ ఫారం తయారుచేసి, అసలు సిసలు బయటి మనిషి కోసం వెతికాం. ఎక్కువ దూరం పోవాల్సిన పని పడలేదు. చర్చి ప్రహరీకి ఆనుకుని రోడ్డు మీదికి కట్టిన మడిగెల్లో చాయ్ హోటల్ నడిపే ఆయన ఉన్నాడు. ప్రసంగం జరుగుతున్నంతసేపూ మా మగవాళ్లలో సగం మంది ఉండేది ఆయన దగ్గరే. యూత్ లీడర్ ఫోన్ తీసి చదివాడు.

"కాకా, మా చర్చికి ఎందుకు రావో చెప్పు. నాలుగు ఆప్షన్లున్నయ్. టైం దొరకదు, సంగీతం నచ్చదు, ప్రసంగం అర్థం కాదు, ఇతరములు."

ఆయన చాయ్ వడపోస్తూనే అన్నాడు: "టైం ఎందుకు దొరకదు తమ్మీ? మీ మీటింగ్ అయ్యేదాకా ఈడనే ఉంట. సౌండ్ బాక్స్ నా దిక్కే తిప్పి పెట్టిన్రు. పాటలన్నీ వస్తయ్ నాకు. పోయిన వారం అయ్యగారు తప్పిపోయిన కొడుకు సంగతి చెప్పిండు. అంతకుముందు వారం గూడ గదే చెప్పిండు. మంచిగనే చెప్తడు."

"మరి లోపలికి రారాదు?"

"వస్త గని, ఏ దిక్కు కూసోవాలె? ఈ దిక్కు కూసుంటే ఆ దిక్కోళ్లు నా దగ్గర చాయ్ తాగరు. ఆ దిక్కు కూసుంటే ఈ దిక్కోళ్లు తాగరు. నాకు ఇద్దరూ గిరాకే."

ఫారంలో దీనికి ఆప్షన్ లేదు కాబట్టి "ఇతరములు" దగ్గర టిక్ పెట్టి చాయ్ తాగి వచ్చాం. డబ్బులు తీసుకోలేదాయన, దేవుని పని మీద వచ్చారు కదా అన్నాడు.

ఈ అభిప్రాయాన్ని ఉపసంఘం లోతుగా చర్చించింది. బయటివాళ్లకు మా ఆరాధన వినిపిస్తోంది గానీ కనిపించడం లేదని, అసలు లోటు అదేనని తేలింది. రోడ్డు వైపుకు పెద్ద ఎల్‌ఈడీ స్క్రీన్ పెట్టాలని తీర్మానించాం. నిధులు ఎక్కడివన్న ప్రశ్న వచ్చింది. దశమభాగం పెంచమంటే రెండు గ్రూపులూ ఒప్పుకోవు. అందుకని వచ్చే నెల నుంచి మడిగెల కిరాయి పెంచుతున్నాం. చాయ్ హోటల్ ఆయనకు నోటీసు ఇచ్చేశాం. ఆ నోటీసు వెనకవైపు ఖాళీగా ఉంటే ఆదివారం ఆరాధన వేళలు కూడా అచ్చు వేయించాం. సువార్త, వసూలు రెండూ ఒకే కాగితంలో అయిపోయినందుకు ట్రెజరర్‌గారు ఉపసంఘాన్ని ప్రత్యేకంగా అభినందించారు.