అమ్మమ్మ ఇల్లు (ఏసీ కలదు)

ఏప్రిల్ చివర్లో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టర్ పడింది. ఎర్రంచు చీర కట్టిన బొమ్మ ముసలమ్మ, పక్కన ఒక జాడీ, కింద లావుపాటి అక్షరాలు: 'అమ్మమ్మ ఇల్లు. పది రోజుల సమ్మర్ అనుభూతి. ఊరగాయ, తోటపని, బొమ్మలు, నక్షత్రాల రాత్రి. వయసు 6 నుంచి 14. ఫీజు 6,500. ఫుల్లీ ఏసీ.'

కర్నూల్లో అమ్మమ్మను అవ్వ అంటాం. 'అవ్వ ఇల్లు' అని పెడితే ఆరున్నర వేలు రాలవని నిర్వాహకులకు బాగా తెలుసు. అవ్వ దగ్గరికి పోవడానికి బస్సు చార్జీ చాలు. అమ్మమ్మంటే కాస్త దూరపు సరుకు, రేటు కట్టొచ్చు.

ఇంత ముఖ్యమైన విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు కాబట్టి పోస్టరును మూడుసార్లు చదివాను. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో 'టెంట్ ఎక్స్‌పీరియన్స్ అదనం: 800' అని ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు, భవనాలు చాలక గుడారాల్లో ఆఫీసులు నడిపిన ఊరు మాది. అప్పటి గుమాస్తాలు మూడేళ్లపాటు ఒక్క పైసా కట్టకుండా ఎంత ఎక్స్‌పీరియన్స్ కొట్టేశారో తల్చుకుంటే గుండె తరుక్కుపోయింది.

మీరు తిట్టబోతున్నారని తెలుసు. అయినా చెప్పేస్తాను. కట్టాను. టెంటు తప్ప.

మొదటి రోజు ఊరగాయ. తల్లిదండ్రులు వెనక కుర్చీల్లో కూర్చుని చూడొచ్చన్నారు. ఫంక్షన్ హాలు స్టేజీ మీద, నిన్నటి పెళ్లి బంతిపూలు ఇంకా వేలాడుతుండగా, అమ్మమ్మ ప్రవేశించింది. ఇరవయ్యారేళ్లుంటాయి. జుట్టుకు తెల్ల పౌడరు, కాలరుకు మైకు. 'హాయ్ కిడ్స్! నేనే మీ అమ్మమ్మని!' అంది. ముప్పై మంది పిల్లలు చప్పట్లు కొట్టారు. మావాడు నావైపు తిరిగి చూశాడు. నేను ఫోన్ చూసుకున్నాను.

కత్తిపీట ప్రమాదం కాబట్టి కాయలు ముందే కోయించారు. టెంక గొంతులో ఇరుక్కుంటుందని టెంక తీసేశారు. కారం కళ్లలో పడుతుందని కారం తగ్గించారు. ఆవపిండి ఘాటని 'ఆప్షనల్' చేశారు. ఉప్పెక్కువైతే బీపీ అని ఉప్పు తగ్గించారు, ఆరేళ్ల పిల్లలకు. నూనె రెండు చెంచాలు, గుండెకు మంచిదని. ఇన్ని తీసేశాక ఊరగాయలో మిగిలినవి చేతి గ్లౌజులు.

కాయ ఏ రకమని అడిగాను. 'మన బంగినపల్లే మేడమ్, జీఐ ట్యాగ్ ఉంది' అన్నాడు నిర్వాహకుడు ఛాతీ విరిచి. 2017లో దానికి ఆ భౌగోళిక గుర్తింపు వచ్చిన మాట నిజం. 2022లో బనగానపల్లె నంద్యాల జిల్లాకు వెళ్లిపోయినా మామిడి మాదేనని మేమింకా చెప్పుకుంటున్న మాటా నిజం. కానీ బంగినపల్లి గొప్పతనమంతా పీచు లేకపోవడంలోనే ఉంది నాయనా! పండుగా తింటే వెన్న. టెంక కూడా తీసేసి సీసాలో వేస్తే ముక్కగా పోయింది గుజ్జుగా బయటికొస్తుంది. ఊరగాయకు గట్టిగా, పళ్లు పులిసేంత పుల్లగా ఉండే నాటు కాయ కావాలి. ఒక్క దెబ్బకు టెంకతో సహా తెగాలి. జీడి తీసి, లోపలి పొర గీకి, ఒక్కో ముక్కనూ పొడిగుడ్డతో తుడవాలి. తడి తగిలితే బూజే.

ఆ తుడిచే పని పిల్లలది. మా అమ్మ దగ్గర దానికో కూలిరేటు ఉండేది. పది ముక్కలు తుడిస్తే ఒకటి ఉప్పూకారం అద్దుకుని తినొచ్చు. మేం ఏడుకో ఎనిమిదికో ఒకటి నోట్లో వేసుకునేవాళ్లం. ఆమె లెక్క తప్పినట్టు నటించేది.

సీసాలు ఆ సాయంత్రమే ఇళ్లకు పంపేశారు, 'మాస్టర్ పికిల్ మేకర్' అన్న సర్టిఫికెట్‌తో సహా. మూడో రోజు తిరగ కలపాలి కదా అంటే 'మూడో రోజు గార్డెనింగ్ ఉంది మేడమ్' అన్నారు.

గార్డెనింగ్ అంటే థర్మాకోల్ గ్లాసుల్లో ధనియాలు. ధనియాన్ని రెండు బద్దలుగా నలిపి వేస్తేనే సరిగ్గా మొలుస్తుంది, అదీ వారం పైనే పడుతుంది. వీళ్లు గుండుగా వేశారు, కర్టెన్లు మూసిన ఏసీ హాల్లో పెట్టారు. తొమ్మిదో రోజు పొద్దునకల్లా ముప్పై గ్లాసుల్లోనూ జానెడు కొత్తిమీర! వ్యవసాయ శాస్త్రవేత్తలు గమనించాలి. దగ్గరికెళ్లి చూస్తే కాడలకు రబ్బరు బ్యాండు అచ్చు ఇంకా పోలేదు. మా అమ్మ పెరట్లో కరివేపాకు, మల్లె, రెండు బెండ మొక్కలు బోకులు తోమిన నీళ్లతోనే బతుకుతాయి. వాటికి ఇంతటి క్రమశిక్షణ లేదు, మొలవాల్సినప్పుడు మొలుస్తాయి.

సృజనాత్మకత రోజున అందరికీ ఒకే ఏనుగు బొమ్మ ఇచ్చి గీత దాటకుండా రంగు వేయమన్నారు. ఆ రోజు గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు. నన్నారి వేళ్లతో చేసే షర్బత్‌కు మాత్రం 'రూట్స్ మాక్‌టెయిల్' అని పేరు పెట్టి, సోడా లేకుండా స్ట్రా వేసిచ్చారు.

ఇక నక్షత్రాల రాత్రి. హాలు అద్దె సాయంత్రం ఐదు వరకే కాబట్టి ఆ రాత్రిని పగలు పదకొండింటికి పెట్టారు. లైట్లు ఆర్పి, సీలింగుకు అంటించిన మెరిసే స్టిక్కర్ల కింద యోగా మ్యాట్ల మీద పడుకోబెట్టారు. బయట 44 డిగ్రీలు. సప్తర్షి మండలంలో ఐదుగురే ఉన్నారు. మిగతా ఇద్దరి జిగురు ఊడి ఒక పాప జడకు అంటుకున్నారు.

మిద్దె మీద పడుకోవడం తెలియనివాళ్లకు ఎలా చెప్పాలి? పొద్దుగూకాక మొదటి బిందె నీళ్లు చల్లితే మిద్దె సుయ్‌మంటుంది. ఆవిరి కాళ్లకు కొడుతుంది. రెండో బిందెకు చప్పుడు తగ్గుతుంది, మూడోదానికి మట్టివాసన వస్తుంది. బొంత పరిచినా వెన్ను కింద వెచ్చగానే ఉంటుంది, ఏ రెండింటికో చల్లబడుతుంది. అప్పటికి ఎవరో ఒకరు దుప్పటి లాక్కుని ఉంటారు.

మరి తెలిసీ ఎందుకు కట్టావంటారా? 2025 వేసవికి ప్రభుత్వం ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులిచ్చింది. నలభై తొమ్మిది రోజులు. మావాడికి దక్కినవి మే నడిమధ్యలో పన్నెండు. మిగతావన్నీ వాడి బడి మింగేసింది. ఎనిమిదో తరగతికి పోయే పిల్లోడు ఇప్పట్నుంచే ఐఐటీకి పునాది వేసుకోవాలట. రేకుల షెడ్డులో, కిటికీలు మూసి, యూనిఫాం లేకుండా రమ్మని మెసేజీ. ఎవరైనా తనిఖీకి వస్తే 'ట్యూషన్' అని చెప్పమని పిల్లలకు పాఠం. వాళ్లు నిజంగా నేర్పింది అదొక్కటే. ఇది దొంగతనం. పన్నెండేళ్ల పిల్లోడి జేబులోంచి ముప్పై ఏడు పగళ్లు, ముప్పై ఏడు రాత్రులు కొట్టేయడం. దానికి ఫీజు కట్టి, రసీదు తీసుకుని, ఆటోలో దింపి వచ్చినవాళ్లం మేమే. ఒక్కరంటే ఒక్కరం 'ఎందుకు' అని అడగలేదు. నేనూ అడగలేదు, టీసీ చేతిలో పెడతారేమోనని. పన్నెండులో ఒకరోజు క్షవరానికి, ఒకరోజు యూనిఫాం కొలతలకు పోగా పది మిగిలాయి. ఆ పది రోజులకు సరిగ్గా సరిపోయే ప్యాకేజీ తయారుగా ఉంది. కొడుమూరు అవతల, బస్సులో గంటన్నర దూరంలో ఉన్న మనిషి రోజూ సాయంత్రం ఫోన్ చేసి 'పిల్లోన్ని ఎప్పుడు పంపిస్తావు?' అని అడుగుతుంటే, 'క్యాంపు కానీమా' అన్నాను.

ఆఖరి రోజు 'గ్రాండ్ పేరెంట్స్ డే'. మా అమ్మ పొద్దున్నే బస్సెక్కి సంచితో వచ్చింది. పాస్ లేదని గేటు దగ్గర పావుగంట నిలబెట్టారు. లోపలికొచ్చాక ఇరవయ్యారేళ్ల అమ్మమ్మ ఎదురొచ్చి, పిల్లలు ఇళ్ల నుంచి తిరిగి తెచ్చిన సీసాల్లోంచి ఒక చెంచా తీసి, 'టేస్ట్ చేసి చెప్పండి అవ్వా' అంది. మైకు ఆన్‌లోనే ఉంది. అమ్మ నాలిక మీద వేసుకుంది. కళ్లు మూసుకుంది. మర్యాద తెలిసిన మనిషి.

'బాగుంది పాపా. ఇదేం కూర?'

హాలంతా వినపడింది.

తిరుగు బస్సు దాకా సాగనంపడానికి పోయాను. సంచిలోంచి జాడీ తీసి నా చేతికిచ్చింది, మెడ దగ్గర గుడ్డకట్టు, గుడ్డకు ఎర్రటి నూనె. బరువుగా ఉంది. ఈసారి ఇన్ని కాయలు కొట్టించావేంటి అన్నాను.

'కాయలు ఎప్పుడూ అన్నే మే. ముక్కలే ఎక్కువ వచ్చినాయి. తుడిచేటప్పుడు తినేవాళ్లు లేరు గదా.'