పిచ్చుకలకు ఇల్లు అద్దెకు ఇవ్వబడును

ఇల్లు అద్దెకు ఇవ్వడం ఎలాగో తిరుపతి వాళ్లకు ఒకరు నేర్పాల్సిన పనిలేదు. బైరాగిపట్టెడ నుంచి కొర్లగుంట దాకా ఏ వీధికి పోయినా గేటుకో టులెట్ బోర్డు, బోర్డు వెనక ఓ ఓనరు, ఓనరు నోట్లో సిద్ధంగా నాలుగు ప్రశ్నలు. ఎంతమంది ఉంటారు? మాంసం తింటారా? చుట్టాలు ఎక్కువగా వస్తుంటారా? రాత్రి పది దాటాక గేటు ఎవరు తీయాలి? ఇంత అనుభవమున్న ఊరికి ఈ చైత్రంలో పరాభవం ఎదురైంది. (సంవత్సరం పేరే అది కాబట్టి పంచాంగకర్తలను తప్పు పట్టలేం.) మిద్దె మీదా వరండాల్లోనూ వేలాడదీసిన పిచ్చుక గూళ్లు ఖాళీగా ఊగుతున్నాయి. అద్దె లేదు, అడ్వాన్సు లేదు, భోజనం కూడా ఓనరుదే. అయినా ఎవరూ దిగలేదు.

"ఏం సామీ, ఆన్‌లైన్లో డబ్బులు పెట్టి తెప్పిస్తిమి గదా, ఒక్క పిచ్చుకా వచ్చి చూసిపోలేదే!"

చూడకపోవడమేం, చూసింది. మీరు టీవీ చూస్తుండగా మగపిచ్చుక వచ్చి, కంతలోకి తల పెట్టి, అటూ ఇటూ గెంతి, ఆడపిచ్చుకను పిలుచుకొచ్చింది. ఆమెకు నచ్చలేదు. అద్దె ఇంటి విషయంలో ఆఖరి మాట ఎవరిదో మనుషుల్లోనూ అంతే కాబట్టి ఇందులో వింతపడాల్సింది లేదు.

నచ్చకపోవడానికి కారణాలు అడిగి తెలుసుకోవడం ఓనరు ధర్మం. మొదటిది కంత. పిచ్చుక గూటికి కంత 32 మిల్లీమీటర్లు ఉండాలి. పది రూపాయల బిళ్ల అడ్డకొలత 27 మిల్లీమీటర్లు. దానికన్నా కాస్త పెద్దదిగా గీసుకుంటే చాలు, వడ్రంగికి టేపు కూడా అక్కర్లేదు. బజారులో దొరికే గూళ్లలో చాలావాటికి, లోపల ఏముందో మనకు కనబడాలన్న సదుద్దేశంతో, కంత కాదు సింహద్వారం పెడతారు. అందులో గోరింక దూరుతుంది, ఉడుత దూరుతుంది. ఉడుత గుడ్లు కూడా తింటుంది. రాములవారికి సేవ చేసిన జాతి గదా అని పిచ్చుక దాన్ని నమ్మదు. కంత కింద అందంగా ఓ పుల్ల గుచ్చి ఇస్తారు చూడండి, అది పిచ్చుకకు అవసరమే లేదు. కాకి వచ్చి కూర్చుని, మెడ సాచి, పిల్లల్ని లాగడానికి మాత్రం బాగా పనికొస్తుంది. మన ఇంటి మెయిన్ డోరుకు నాలుగు తాళాలు, పిచ్చుక ఇంటి ముందు దొంగకు కుర్చీ!

పెట్టె అడుగు 15 సెంటీమీటర్ల చదరం, ఎత్తు 20 నుంచి 25. కంత అడుగుకు కనీసం 12 సెంటీమీటర్ల పైన ఉండాలి, లేకపోతే గడ్డి నింపేసరికి పిల్లలు వాకిట్లోకి వచ్చేస్తాయి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే మంచిది. రేకు, ప్లాస్టిక్ పెట్టెలు ఏప్రిల్లో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో గూళ్లు కావు, ఇడ్లీ పాత్రలు. అడుగున నాలుగు మూలలా నీళ్లు పోవడానికి సన్న రంధ్రాలు, కప్పు కింద గాలికి రెండు. లోపల రంగు, వార్నిష్ పూయరాదు. గృహప్రవేశానికి ముందే మీరు దూదీ గడ్డీ కూరి పెట్టరాదు. ఇంటీరియర్ పని వాళ్లే చేసుకుంటారు. నేల నుంచి 2.5 నుంచి 3 మీటర్ల ఎత్తులో, సన్‌షేడ్ కింద, తూర్పు ముఖంగానో ఉత్తర ముఖంగానో బిగించాలి. వాస్తు సిద్ధాంతికీ పిచ్చుకకూ ఏకాభిప్రాయం కుదిరిన విషయం ఇదొక్కటే. అయితే పిచ్చుక చెప్పే కారణం ఐశ్వర్యం కాదు, మధ్యాహ్నపు ఎండ. సీలింగ్ ఫ్యాను తిరిగే గదిలో మాత్రం ఏ దిక్కునా వద్దు.

ఇన్నీ చేశాక కూడా వెంటనే దిగుతాయని లేదు. ఓ సీజను చూసి, మరో సీజను ఆలోచించి, అప్పుడు రావచ్చు. ఈలోగా పెట్టె మూత తెరిచి రోజూ తనిఖీ చేసే ఓనరును ఏ జీవీ భరించదు.

ఇప్పుడు ప్రశ్నల సంగతి. ఎంతమంది ఉంటారు? ఇద్దరు. పదిహేను రోజుల తర్వాత మరో నలుగురైదుగురు. చుట్టాలు? పిచ్చుక ఒంటరిగా కాపురం పెట్టదు, దగ్గర్లో మరో రెండు మూడు జంటలుండాలి. కాబట్టి ఒక్క పెట్టె కట్టి కూర్చోకుండా కాస్త ఎడంగా మూడు కట్టడం మేలు. మాంసం తింటారా? ఇక్కడే ఊరి పరువు పోయేది. 'శాకాహారులకు మాత్రమే' అని బోర్డు రాసిన ఇంట్లో దిగిన పిచ్చుక, గుడ్లు పొదిగిన మరుక్షణం నుంచి శుద్ధ మాంసాహారి. పెద్ద పిచ్చుక గింజలతో బతుకుతుంది. పిల్లకు మొదటి రోజుల్లో పురుగే అన్నం. పేనుబంక, చిన్న గొంగళ్లు, దొరికిన మెత్తటి కీటకం. రోజుకు ఎన్నిసార్లు నోట కరుచుకొస్తుందో లెక్కపెట్టడం మొదలుపెడితే ఆఫీసుకు పోలేరు. అంచేత ఇంటావిడ ఓ చేత్తో నూకలు చల్లి, రెండో చేత్తో కరివేపాకు చెట్టుకు మందు కొడుతుంటే, పెద్దలకు విందు, పిల్లలకు ఉపవాసం. ఆ కరివేపాకు మీద పిట్టరెట్టలాగా అంటుకుని కనబడేది చాలాసార్లు రెట్ట కాదు, సీతాకోకచిలుక గొంగళి. పుల్లతో కదిలిస్తే తల వెనక నుంచి రంగు కొమ్ములు రెండు బయటపెట్టి కంపు వదులుతుంది. దాని మీద అరలీటరు మందు పిచికారీ! పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని సామెత చెప్పిన పెద్దాయనకు స్ప్రే పంపు తెలియదు గానీ, విషయం తెలుసు.

పిచ్చుకలు తగ్గడానికి కారణమేమిటని అడిగితే ఊరంతా సెల్‌టవర్ వైపు వేలు చూపిస్తుంది. ఆ నేరం ఇంతదాకా రుజువు కాలేదు. ముద్దాయిల జాబితాలో పెంకుటిల్లు పడగొట్టినవాళ్లు, వాసాల సందులు సిమెంటుతో పూడ్చినవాళ్లు, పెరట్లో మట్టి కనబడకుండా టైల్స్ పరిచినవాళ్లు, కంచెకున్న పొదలు కొట్టి గోడ కట్టినవాళ్లు ముందున్నారు. వాళ్లందరికీ సెల్‌ఫోన్లు ఉన్న మాట నిజమే. ఒకప్పుడు దేవుడి పటం వెనక ఉచితంగా ఉన్న సందు ఇప్పుడు పెట్టెలో పెట్టి, బార్‌కోడ్ వేసి, మార్చి 20న పిచ్చుకల దినోత్సవానికి డిస్కౌంటులో అమ్ముతున్నారు. వాకిట్లో కట్టే వరికంకుల కుచ్చు కూడా అంతే. అది ఇప్పుడు హోమ్ డెకార్. కొని హాల్లో గాజు అల్మరాలో పెట్టుకున్న ఇళ్లున్నాయి.

భోజనం విషయంలో ఉదారత తగ్గించుకోవాలి. గుప్పెడు సజ్జలో కొర్రలో నూకలో, సాయంత్రానికి మిగలనంత. పులిహోర, మిక్చరు, బిస్కెట్లు వద్దు. ఉప్పూ నూనే పిట్టలకు పనికిరావు. ఉడికిన అన్నం ఈ ఎండకు మధ్యాహ్నానికే పులుస్తుంది. పుణ్యం కొద్దీ శేరు గింజలు చల్లిన ఇంట్లో వరస ఇలా ఉంటుంది: పిచ్చుక కన్నా ముందు పావురాలు, పావురాలు వదిలింది తినడానికి రాత్రి ఎలుకలు, ఎలుకల కోసం జెర్రిపోతు, జెర్రిపోతును చూసి వీధంతా, చివరికి పాములు పట్టే అతను. అతనికిచ్చే డబ్బుతో ఏడాది సజ్జలు వచ్చేవి.

నీళ్లకు మట్టి మూకుడు చాలు. రెండు వేళ్ల లోతు, మధ్యలో ఓ రాయి. బక్కెట్టు పెడితే అది దానం కాదు, బావి. పిల్లి నక్కడానికి వీలున్న పొదకు రెండు మీటర్ల దూరంలో, నీడన పెట్టాలి. నీళ్లు రోజూ మార్చాలి. మార్చడమంటే పైన మరికాసిని పోయడం కాదు. డెంగీ దోమ గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు. కొబ్బరి పీచుతో అంచులు తోమాలి. సబ్బు వద్దు.

ఇక రాత్రి పది తర్వాత శబ్దం చేయరాదన్న షరతు. కోయిల దగ్గర ఈ షరతు చెల్లదు. కొండమీద సుప్రభాతం మూడింటికైతే, కింద వేపచెట్టు మీద ఈయన కచేరీ కూడా చీకట్లోనే మొదలవుతుంది. ఈయన అని రాయడం అచ్చుతప్పు కాదు. ఉగాది కవి సమ్మేళనంలో శాలువా కప్పుకోబోయే ప్రతి కవీ 'కోయిలమ్మా' అని పిలిచే ఆ గాయని నిజానికి మగపిట్ట. నల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు. అమ్మగారు గోధుమ రంగులో తెల్లచుక్కలతో ఆకుల చాటున ఉండి, అవసరమైతే 'కిక్ కిక్ కిక్' అని గసురుతుంది. ఆ గొంతు మీద ఇంతవరకు ఒక్క పద్యం రాలేదు. పైగా కోయిల వసంతంతో పాటు ఎక్కడినుంచో విచ్చేసేదీ కాదు. చలికాలమంతా ఇదే చెట్టు మీద పళ్లు తింటూ నోరుమూసుకుని ఉంది, మనం చూడలేదు.

అది ఇప్పుడు గొంతెత్తడానికి కారణం కవిత్వం కాదు, కాకి గూడు. అద్దె లేకుండా, గూడు కట్టకుండా, పిల్లల్ని పెంచకుండా కాపురం చేయడంలో కోయిలను మించినవాళ్లు లేరు. మగది గూటి దగ్గరికి వెళ్లి కాకిని రెచ్చగొడుతుంది. కాకులు తరుముకుంటూ వెళ్తాయి. ఆ సందులో ఆడది వెనక నుంచి వచ్చి గుడ్డు పెట్టి పోతుంది. కోయిల గుడ్డు కాకి గుడ్ల కన్నా ముందే పగులుతుంది కాబట్టి ముందు నోరు తెరిచింది ముందు తింటుంది. కాకిపిల్ల కాకికి ముద్దన్నవాళ్లు ఆ పిల్ల ఎవరిదో విచారించినట్టు లేదు. వసంతాన్ని మోసి, మేపి, రెక్కలొచ్చేదాకా కాపలా కాసేది కాకి. శాలువా కోయిలకు, రాయి కాకికి. తద్దినం రోజు మాత్రం అదే కాకి కోసం విస్తరి పట్టుకుని మిద్దెక్కి, బతిమాలి పిలుస్తాం. అది ముట్టకపోతే మన పాపమంటాం గానీ దాని జ్ఞాపకశక్తి అనం.

గూడున్న కాకి నెత్తిన తన్నడం కూడా ఈ సీజనులోనే. గూడు పీకడం పరిష్కారం కాదు, మళ్లీ కడుతుంది, ఈసారి కరెంటు స్తంభం మీద, ఇనుప తీగలతో. నాలుగైదు వారాలు గొడుగు వేసుకుని పోతే సరిపోతుంది.

పావురానికి గూడు పెట్టాల్సిన పనే లేదు. ఏసీ సర్వీసింగుకు మెకానిక్‌ను పిలిచేదాకా మనకు వసంతం వచ్చినట్టు తెలియదు. ఆయన అవుట్‌డోర్ యూనిట్ వెనక చేయి పెట్టి "సార్, గుడ్లున్నాయి" అంటాడు. నాలుగు పుల్లలు, రెండు గుడ్లు, పద్దెనిమిది రోజులు. వల బిగించదలిస్తే గుడ్లు పెట్టకముందు బిగించాలి. ఎండిన రెట్టలు గీకితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, నీళ్లు చల్లి, మాస్కు పెట్టుకుని తీయాలి. ఉదయం సర్కిల్లో జొన్నలు చల్లి పుణ్యం, సాయంత్రం బాల్కనీకి వల. చల్లేదీ కట్టేదీ ఒకే చెయ్యి.

రామచిలుక సంగతి ఒక్క ముక్క. 2018లో పాలపిట్టను దించి దీన్ని రాష్ట్రపక్షి చేశారు. దీన్ని పంజరంలో పెట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చిలక జోస్యంలో ఈ ముక్క మాత్రం ఏ కార్డులోనూ రాదు.

అలిపిరి దగ్గర ఎక్కేవాళ్లు 3,550 మెట్లనూ వంచిన తల ఎత్తకుండా లెక్కపెడతారు. పక్కన రాళ్ల మీది పొదల్లో పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంటుంది. దక్షిణాదిలో కొన్ని రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దాన్ని చూడాలని దూరప్రాంతాల నుంచి పెద్ద లెన్సులు మోసుకొస్తారు. మనవాళ్లు ఆ లెన్సులు చూసి, "చిరుత కనబడిందా సార్?" అని అడుగుతారు.

ఇంటికొస్తే గేటు దగ్గర మరో పంచాయితీ. పొద్దున్నే బైకు అద్దం మీద తెల్లటి రెట్టలు, అద్దం అంతా గీతలు. పక్కింటివాడి పని కాదు, మగ తేనెపిట్ట పని. చలికాలంలో గొంతు మధ్య ఒక్క నల్లగీతతో బక్కగా తిరిగిన ఈ శాల్తీ, ఇప్పుడు ఊదారంగు పట్టుబట్టలు కట్టింది. అద్దంలో అచ్చం తనలాగే ముస్తాబైన మరొకడు కనబడతాడు. వాడు ఎంత పొడిచినా పారిపోడు, పైగా తిరిగి పొడుస్తాడు. గంటల తరబడి యుద్ధం. పాత సాక్సు రెండు అద్దాలకూ తొడిగితే శత్రువు మాయం. కొన్ని వారాలు చాలు.

ఆయన అక్కడ యుద్ధంలో ఉండగా ఆవిడ ఒక్కతే ఇల్లు కడుతుంది. బీడీ ముక్క, ఎండుటాకు, చిత్తుకాగితం, బెరడు పెచ్చు, అన్నిటినీ సాలెగూటి దారంతో కలిపి, వేలాడే సంచిలా. పక్కన కంత, కంత మీద చిన్న చూరు. దూరం నుంచి చూస్తే గాలికి చిక్కుకున్న చెత్త. 32 మిల్లీమీటర్ల కంత, తూర్పు ముఖం, ప్లైవుడ్, ఇవేవీ ఆవిడకు అక్కర్లేదు. ఆవిడకు కావలసింది సన్నటి తీగ. బట్టలారేసే తీగైనా సరే, గేటుకు టులెట్ బోర్డు కట్టిన బైండింగ్ వైరైనా సరే. బోర్డు కింద గూడు కట్టిందంటే పొదగడం, పెంచడం అన్నీ కలిపి ఐదారు వారాలు దాన్ని ముట్టడానికి లేదు. ఈలోగా పై పోర్షన్లోకి మనుషులు దిగిపోతారు. ఫోను మాత్రం మోగుతూనే ఉంటుంది.

"ఇల్లు ఖాళీగా ఉందా సార్?"

"లేదండీ, దిగిపోయినారు."

"మరి బోర్డు ఉంది గదా సార్!"

"బోర్డులో కూడా దిగిపోయినారు."